గ్రాములాయన ఒళ్లు చేసిన కథ

ఆ సోమవారం పొద్దున్న తూనికల ఇన్‌స్పెక్టరు పళ్లు తోముకుంటూ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆ రోజు నుంచి మాంసం, చేప, గుడ్డు, పాలు, వెన్న అన్నీ బంద్. మొక్కకు కాసిందో పూసిందో తప్ప మరేదీ నోట్లోకి వెళ్లకూడదు.

నిజానికి డాక్టరు చెప్పింది అంత లేదు. రక్తంలో కొవ్వు కాస్త ఎక్కువగా ఉంది, మాంసం కొంచెం తగ్గించండి, మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్షకి రండి అన్నాడు. కాని ఇన్‌స్పెక్టరుకి "కాస్త", "కొంచెం" అనే మాటలు గిట్టవు. కొట్లో త్రాసు ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరిగినా సీలు ఊడదీసి కొట్టు మూయించే మనిషి. ఆఫీసులో వెనకాల ఆయన్ని గ్రాములాయన అనేవారు. ఎదట ఏమీ అనేవారు కాదు, ఎందుకంటే ఎదటికొచ్చి మాట్లాడేవాళ్లే లేరు.

ఆయన భార్య ఇంట్లో మిషను పెట్టుకుని వీధివాళ్ల బట్టలు కుట్టేది. మొక్కలంటే గింజలూ దుంపలూ కూడా మొక్కలేగా అని అడిగింది. వాటిలో కొవ్వెంతో పిండెంతో తేలేదాకా ఆకులే క్షేమం అన్నాడాయన. అలా మూడు పూటలా ఉడికించిన ఆకులు, కోసిన దోసకాయ, పక్కన ఒక నిమ్మచెక్క. కొన్ని వారాలు తిరిగేసరికి ఆయన మెడ చొక్కా కాలరు మధ్యన ఊగిసలాడడం మొదలైంది. ఆవిడ మొదట ప్యాంట్లకు నడుం దగ్గర మడత పట్టింది. తర్వాత విప్పి మళ్లీ కుట్టింది. ఆ పైన వెనక జేబులు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చునే దాకా వచ్చింది.

ఆయన ఆఫీసు గదిలో గాజు మూతల కింద పరీక్ష త్రాసులుంటాయి. బీరువాల నిండా ఇత్తడి తూకపు రాళ్లు వరసగా ఉంటాయి. గాలి ఆడితే ముల్లు కదులుతుందని ఫ్యాను వేయరు. పక్క సీటులో ఇంకో ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. కిటికీ వైపు ఎవరు కూర్చోవాలన్న గొడవతో ఇద్దరికీ చాలా కాలంగా మాటల్లేవు. అలాంటివాడు ఒకరోజు తనంతట తనే కుర్చీ ఇటు జరుపుకుని, ఒంట్లో ఎలా ఉంది అని అడిగాడు.

గ్రాములాయన త్రాసు ముల్లు మీంచి కన్ను తీయకుండానే, "డాక్టరు మూడు నెలలన్నాడు," అన్నాడు.

"మూడు నెలలేనా?"

"అంతకంటే అక్కర్లేదట. ఈలోపే తేలిపోతుందన్నాడు."

పక్క సీటాయన గొంతు తగ్గించాడు. "ఇంట్లో తెలుసా?"

"తెలుసు. మొదట్లో ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పుడు అలవాటు పడింది."

ఆ సాయంత్రానికల్లా ఆఫీసంతా గుసగుసలు. మర్నాడు ఆయన వచ్చేసరికి బల్ల కిటికీ వైపుకి మారి ఉంది. దూరపు సంతల తనిఖీలు ఇంకొకరికి వేశారు. పై అధికారి గది బయటకొచ్చి భుజం మీద చెయ్యేసి, తొందరేం లేదు, ఎప్పుడు రాగలిగితే అప్పుడే రండి అన్నాడు. ఎప్పటినుంచో గ్రాములాయనకి రావలసిన సీనియర్ ఇన్‌స్పెక్టరు పదవి గురించి కూడా మెత్తగా కదిపాడు. ఈ వయసులో ఆ బరువు నెత్తికెత్తుకోవడం ఎందుకు, పక్క సీటాయనకిస్తే మీకేమైనా అభ్యంతరమా అని. అభ్యంతరం లేదని గ్రాములాయన నవ్వుతూ చెప్పి, తను నవ్వినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

ఇదంతా తిండి మహిమేనని ఆయన తేల్చుకున్నాడు. మనసు శాంతించింది, ఆ శాంతి ఎదటివాళ్లకి అంటుకుంది. జంతువు లోపలికి పోకపోతే జంతువు బయటికి రాదని భోజనాల వేళ అందరికీ చెప్పాడు. వినేవాళ్లు తలలు వంచుకుని విన్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

ఆఫీసు గుసగుస అన్నయ్య ఊరికీ పాకినట్టుంది, తర్వాతి ఆదివారం అన్నయ్య, వదిన పెట్టెతో సహా దిగారు. అన్నయ్య ఆ గడప తొక్కి తొమ్మిదేళ్లయింది. వాళ్లమ్మ బతికున్నప్పుడు ఆవిడ ఒక నెల ఒకరింట్లో, ఒక నెల ఇంకొకరింట్లో ఉండేటట్టు అన్నదమ్ములు మాట్లాడుకున్నారు. గ్రాములాయన తన వంతు నెల నిండిన రోజున, ఒళ్లు కాలిపోతున్న తల్లిని కారులో కూర్చోబెట్టి అన్నయ్య గుమ్మంలో దించి వచ్చాడు. ఆవిడ ఆ వారం దాటలేదు. అప్పటినుంచి అన్నదమ్ములు ముఖాలు చూసుకోలేదు. ఇప్పుడు అన్నయ్య తమ్ముణ్ని మంచం మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని నారింజ తొనలు ఒలిచి పెడుతూ, "అమ్మ సంగతి మనసులో పెట్టుకోకు రా. నేనూ పెట్టుకోను," అన్నాడు. గ్రాములాయన సగం తొన తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు. అవతల వంటింట్లో వదిన ఆయన భార్యను కావలించుకుని గుండె రాయి చేసుకోమంది. ఆకులు ఉడకబెట్టడానికి అంత ధైర్యం ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. తన వంట మీద దెప్పిపొడుపేమో అనుకుని ఊరుకుంది.

అసలు సంగతి గ్రాములాయనకి బీరువాల వెనక తెలిసింది. తూకపు రాళ్లకి నూనె రాస్తూ వంగి ఉండగా అవతలి వైపు నుంచి పక్క సీటాయన గొంతు వినబడింది. ఎవరికో సంతాప సభ ప్రసంగం చదివి వినిపిస్తూ, ఎక్కడ ఆగాలో అడుగుతున్నాడు. "ఆయన ఎవరినీ పొగడలేదు, ఎవరినీ మోసం చెయ్యలేదు. ఈ ఊళ్లో పేదవాడి సంచిలోకి పూర్తి తూకం పడిందంటే అది ఆయన చలవ. మనం ఆయన్ని చూసి వెనకాల నవ్వుకున్నాం. రేపట్నించి మన త్రాసుల్ని ఎవరు అనుమానిస్తారు?"

ఆ పోయినాయన ఎవరా అని గ్రాములాయన జాలిపడ్డాడు. చివర్లో తన పేరు వినబడింది. బీరువా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మూడు నెలల మాట, కిటికీ, నారింజ తొనలు అన్నీ వరసగా కళ్లముందుకి వచ్చాయి. అవతలికి వెళ్లి, నాకేం జబ్బు లేదయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాలు ముందుకి వేశాడు కూడా. కాని తన గురించి అంత మంచి మాట ఎవరైనా అనడం ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వేసిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఒళ్లు మాత్రం ఆయన మాట వినలేదు. ఆ వారంలోనే బజార్లో ఒక బియ్యం కొట్టు తనిఖీ చేస్తూ కళ్లు తిరిగి, బస్తాలు తూచే పళ్లెం మీద చతికిలబడ్డాడు. ముల్లు కాస్త దూరం వెళ్లి ఆగిపోయింది. ఇది తప్పు చూపిస్తోందని ఆయన నీరసంగానే కేసు రాయబోయాడు. "మీరు నిన్న సీలు వేసిందేనండి," అన్నాడు కొట్టతను.

భార్య ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. నేను మాంసం తగ్గించమన్నాను గాని తిండి మానమనలేదే అని డాక్టరు చీవాట్లు పెట్టాడు. ఆకులు పొట్ట నింపుతాయి గాని ఒళ్లు నింపవన్నాడు. గింజలు, పప్పులు, దుంపలు, నూనె, ఇవన్నీ మొక్కలవే. కొద్దికొద్దిగా చాలాసార్లు పెట్టండి, కోల్పోయిన బరువంతా వస్తుంది అన్నాడు. ఆవిడ ఒక్క మాట పొల్లుపోకుండా వింది. ఆ రోజు నుంచి కంచం మీద పెత్తనం ఆవిడది.

వేరుశెనగలు వేయించి వెన్నలా నూరింది. బాదం నానబెట్టింది. చిక్కుడు గింజలు, నూనెలో ఎర్రగా వేగిన బంగాళాదుంపలు, నువ్వుల ఉండలు, అరటిపండు కలిపిన సోయా పాలు. గంట గంటకీ ఏదో ఒకటి. వారాల తరబడి ఆకులు నమిలిన నోరు కాబట్టి గ్రాములాయన వద్దనలేకపోయాడు. బుగ్గలు నిండాయి. ఆవిడ ప్యాంటు కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ, విప్పినప్పుడల్లా మిషను దగ్గర చిన్నగా కూనిరాగం తీసేది.

ఆయనకి గుబులు పట్టుకుంది. గడప దాటేముందు పెద్ద చొక్కాల్లోకి దూరేవాడు. చేతికర్ర కొన్నాడు. ఆఫీసు మెట్ల మీద అవసరం లేని చోట ఆగి దగ్గేవాడు. జేబులో వేరుశెనగలు పెట్టుకుని, బీరువాల వెనక దొంగలా నమిలేవాడు. ఇంతా చేస్తే ఒక మీటింగులో వంగి లేవబోతుండగా చొక్కా గుండీ తెగి, బల్ల మీద దొర్లుకుంటూ పై అధికారి ముందుకి పోయి ఆగింది. అందరూ గుండీని చూశారు, తర్వాత పొట్టని చూశారు. పై అధికారి గుండీ తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, కాసేపు చెయ్యి వదల్లేదు.

బయటకొచ్చాక పక్క సీటాయన అందరికీ వివరించాడు. "పొట్టలో నీరు చేరింది. ఇంక ఎన్నాళ్లో కాదు."

ఆ కబురు తిరిగి ఊరెళ్లిన అన్నయ్యకీ చేరింది. ఆయన చుట్టాలందరికీ ఫోన్లు చేసి, వదినతో పాటు పెట్టె పట్టుకుని మళ్లీ దిగాడు. ఆఫీసువాళ్లు ఆదివారం వస్తామన్నారు. గ్రాములాయన భార్యకి ఇదేమీ తెలియదు. ఆదివారం రక్త పరీక్ష రిపోర్టు వస్తుంది, దానికోసమే ఇంతమంది ఆత్రపడుతున్నారని మురిసిపోయి, పక్కింటి కుర్చీలు అడిగి తెచ్చి, అరటిపళ్లూ బాదం గింజలూ వేసి పెద్ద కేకు చేసింది.

ఆదివారం ముందుగది నిండిపోయింది. గ్రాములాయన దుప్పటి గడ్డం దాకా లాక్కుని కుర్చీలో కూర్చున్నాడు. పై అధికారి గొంతు సవరించుకున్నాడు. అప్పుడే ఆయన భార్య ఫోను పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"రిపోర్టు వచ్చిందండీ. కొవ్వు లేదు, షుగర్ లేదు, అన్నీ బాగున్నాయట. బరువు కూడా పూర్తిగా వెనక్కి వచ్చేసింది. ఇంత ఆరోగ్యంగా పెళ్లినాడు కూడా లేరు."

 అన్నయ్య, "మరి మూడు నెలలన్నారు?" అన్నాడు.

"అవునండీ, మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు. ఆ పరీక్షే ఇది."

సంతోషించడానికి సిద్ధపడి వచ్చినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, ఎవరూ సంతోషించలేదు. పై అధికారి మంచిదే అని లేచి, బాగానే ఉన్నారుగా, రేపట్నించి దూరపు సంతలకి మీరే వెళ్లండి అన్నాడు. పక్క సీటాయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, కిటికీ సంగతి రేపు మాట్లాడుకుందామన్నాడు. చుట్టాలు కేకు ముక్కలు చేతిలో పట్టుకుని, ప్రయాణానికైన ఖర్చు గురించి నడవాలోనే మాట్లాడుకున్నారు. వదిన పెట్టె సర్దేసింది.

అన్నయ్య అందరికంటే చివర లేచాడు. గ్రాములాయన దుప్పటి తోసేసి ఆయన చెయ్యి పట్టుకోబోయాడు.

"పోయేవాడివని క్షమించాను రా," అన్నాడు అన్నయ్య. "ఉండేవాడివైతే ఆ సంగతి వేరు."

కుర్చీలు ఖాళీ అయ్యాయి.  భార్య కేకు మీద మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. వదిన కౌగిలింత, ఆ చేతికర్ర, ఆ దగ్గు, అన్నీ ఆవిడకి ఇప్పుడు ఒక్కొక్కటిగా అర్థమవుతున్నాయి.

"వాళ్లు అలా అనుకుంటున్నారని మీకు తెలుసు," అంది. అడగలేదు.

ఆయన నేల చూపులు చూశాడు. "నా గురించి అంత బాగా ఎవరూ మాట్లాడలేదు," అన్నాడు.

"నేనూ మాట్లాడలేదు. వండాను."

మర్నాటి నుంచి ఆవిడ వేళకి కంచం పెట్టి, వెళ్లి మిషను ముందు కూర్చునేది. ముందులా పక్కన నిలబడి ఇంకాస్త వేసుకోండి అనేది కాదు. మిషను చప్పుడు వింటూ ఆయన గింజలన్నీ వదలకుండా తినేవాడు.

ఆ ఏడాదంతా గ్రాములాయన బరువు ఒక్క గ్రాము తగ్గలేదు. ఎలా ఉన్నారని ఒక్కరూ అడగలేదు.