బావ విరిచిన మంత్రదండం

ఆ సెలవురోజు ఉదయం స్టోర్‌కీపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నర్సుగా పనిచేసే భార్య సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేలోగా ఆమెకు ఏదో ఒక మేలు చేసిపెట్టాలి. గిన్నెలు తోమితే ఆ పూటకు మెచ్చుకుని మర్చిపోతుంది. కలకాలం గుర్తుండిపోయే మేలు చేయాలనుకున్నాడు. ఆ కోరిక మాత్రం తీరింది.

ఆ సాయంత్రం కోసం ఆమె రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఓడలో పనిచేసే తమ్ముడు ఏదో రేవులో ఆగాడు. చీకటిపడ్డాక మళ్ళీ సముద్రం మీదే. చిన్నప్పటి నుంచి అక్కాతమ్ముళ్ళు కలిసి ఆడుతున్న మంత్రగాళ్ళ వీడియో గేమ్‌లో ఒక్క ఘట్టమే మిగిలింది. బురుజు మీదున్న ఏడు తలల పామును చంపితే కథ ముగుస్తుంది. ఎవరితో కలిసి ఆడినా ఎప్పుడో అయిపోయేది. "వాడొచ్చాకే" అని ఆమె ముట్టుకోలేదు.

సాయంత్రానికి అన్నీ సిద్ధం చేసి పెడదామని స్టోర్‌కీపర్ ఆట తెరిచేసరికి 'సంచీ నిండిపోయింది' అని ఎర్ర అక్షరాలు మొత్తుకుంటున్నాయి. వయసంతా గోదాములో గడిపినవాడు ఆ మాట చూసి ఊరుకోగలడా? సంచీ నిండా మంత్రదండాలే. ఒకటి నిప్పులు కక్కేది, ఒకటి మంచు కురిపించేది, ఒకటి పిడుగుల్ని పిలిచేది. మూలన మాత్రం బీటలు వారి, తాడు చుట్టిన పాత కర్ర ఒకటుంది. పాతది పోతేనే కొత్తదానికి చోటన్నది అతని సిద్ధాంతం. 'విరిచెయ్యాలా?' అని ఆట అడిగింది. 'నిజంగానా?' అని మళ్ళీ అడిగింది. ఒకే మాట రెండుసార్లు అడిగేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. నొక్కేశాడు.

విరిగిన ముక్కల మీద చిన్న అక్షరాలు వెలిగాయి. 'అక్కకి తమ్ముడి కానుక.'

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఆటల వరుసలో మొదటిదాంట్లో తమ్ముడిచ్చిన దండాన్నే మూడోదాని దాకా మోసుకొచ్చానని ఆమె ఎన్నిసార్లో చెప్పింది. ఊకొట్టాడే గాని చెవికెక్కించుకోలేదు.

అతికిద్దామని ఆటలోని కమ్మరి దగ్గరికి పరుగెత్తాడు. ముక్కలకు ఇంకో దండం కలపాలన్నాడు కమ్మరి. నిప్పుల దండం ఇస్తే చీపురులాంటిది వచ్చింది. దాన్ని బాగుచేయబోయి మంచు దండం, దాన్ని సరిదిద్దబోయి పిడుగుల దండం కొలిమిలో పోశాడు. చివరికి చేతిలో ఒక ఊతకర్ర మిగిలింది. 'నడవడానికి పనికొస్తుంది' అని ఆట ఓదార్చింది.

ఇక గతిలేక బావమరిదికి ఫోన్ చేశాడు. ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఇల్లు సర్దుతూ తాను బావమరిది గిటారును పాతసామాన్లవాడికి ఇచ్చేసిన రోజు నుంచీ అంతే.

"ఎవరు?"

"నేనేరా, బావని."

"అక్క బాగానే ఉందా?"

"అక్క బాగానే ఉంది. అక్క కర్రే బాగాలేదు."

సంగతంతా చెప్పాడు.

"మళ్ళీ సర్దావా బావా?"

"సర్దాను."

"నా గిటారు సర్దినట్టేనా?"

"తీగలు లేవు కదా, ఎందుకులే అనుకున్నాన్రా. తప్పు నాదే. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు."

బావమరిది గట్టిగా నిట్టూర్చాడు. "సరే. ఆ దండం మళ్ళీ చేయాలంటే బురుజు మీది చెట్టుకొమ్మ కావాలి. పాము పడుకుని ఉంటుంది. దాన్ని లేపకుండా కొమ్మ కోసుకుని వచ్చేద్దాం. నువ్వు దేన్నీ ముట్టుకోకు."

పాము చావకుండా, కర్ర విరగకుండా పని కానిద్దామన్నమాట. ఇద్దరూ ఆటలో కలిసి పిల్లుల్లా బురుజెక్కారు. కొమ్మ చేతికొచ్చింది. తిరిగొస్తుంటే పాము తోక దారికి అడ్డంగా పడుంది. స్టోర్‌కీపర్‌కు చెయ్యి ఆగలేదు. ఊతకర్రతో దాన్ని పక్కకు సర్దాడు.

ఏడు తలలూ లేచాయి.

"బావా! నువ్వు చచ్చావో అక్క సంచీ మొత్తం పోతుంది! ఎడమకి పరుగెత్తు! ఎడమకయ్యా, అది కుడి!"

ఆ మధ్యాహ్నమంతా అరుపులే, నవ్వులే. ఊతకర్రతో ఆఖరి తలను పడగొట్టినప్పుడు ఇద్దరూ కేకలు పెట్టారు. తర్వాత సంగీతం మోగింది. తెర మీద 'సమాప్తం' అని పడింది. అప్పుడు గాని ఏంచేశారో ఇద్దరికీ తెలియలేదు.

గుమ్మంలోకి వచ్చిన భార్య ఆ అక్షరాలు చూసి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. అతను ఏదీ దాచకుండా చెప్పాడు. కొట్టినా బాగుండుననిపించింది అతనికి.

"వాడు మీతో మాట్లాడాడా?" అంది.

"మాట్లాడాడు."

"నవ్వాడా?"

"కడుపుబ్బా నవ్వాడు."

"మీరిద్దరూ కలవాలని నేను మొక్కని దేవుడు లేడు." ఆమె వంగి చెప్పులు విప్పింది. "ఆ నవ్వు నేనూ వినాల్సిందండీ."

అతను ఆట మీటను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఆటలోకి వెళ్ళింది. ఖాళీ బురుజు మీద అక్కాతమ్ముళ్ళు కాసేపు ఊరికే అటూ ఇటూ నడిచారు. "సారీ అక్కా" అన్నాడు తమ్ముడు. అంతలో ఓడ కూత వినిపించింది. అతని బొమ్మ తెర మీంచి మాయమైంది.

కొత్త కొమ్మతో బావాబావమరుదులు కమ్మరి చేత చేయించిన దండం ఆమె చేతిలో ధగధగ మెరుస్తోంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కర్ర బాగానే చేశారు. కొట్టడానికి పామే లేదు," అని భర్త వైపు తిరిగింది.

స్టోర్‌కీపర్ లేచి గిన్నెలు తోమడానికి వెళ్ళాడు.