సంపూర్ణ పఠన కాలనీలో ఒక పసుపు చుక్క

మా కాలనీలో పుస్తకపఠనం సంపూర్ణంగా ముగిసిందని, ఇక చదవవలసినది ఏదీ మిగలలేదని ఇందుమూలముగా అందరికీ తెలియజేయడమైనది. ఈ మాట నాది కాదు. నాచారం నుంచి ఉప్పల్ పోయే దారిలో మా కాలనీ గేటుకు సంక్షేమ సంఘం వారు కట్టిన ఫ్లెక్సీది. దాని మీద సంఘం అధ్యక్షుడు అచ్యుతరావు గారు చెంపకు చెయ్యి ఆనించి ఆలోచిస్తున్న ఫొటో ఉంది. (దేని గురించి ఆలోచిస్తున్నదీ రాయలేదు.)

ఏడాది చివర ఎవరేం చదివారో చెప్పుకోవడం ఈ మధ్య మర్యాద అయింది కాబట్టి నాది కూడా చెబుతాను. ఈ ఏడాది నేను ఒక పుస్తకంలో ముప్పావు చదివాను. మూడో తరగతి దాటనివాడిని. అక్షరం కింద వేలు పెట్టి, పెదవి కదిపి, ఒక పదం పూర్తిగా నాదయ్యాకే రెండో పదానికి పోతాను. ఈ ముప్పావు పుస్తకం వల్ల కాలనీ అభివృద్ధికి కలిగిన ఆటంకం కింద వివరించబడినది.

మా పఠన మందిరం అంటే సంఘం ఆఫీసు పక్కన ఒక గది. రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, ఒక ఫ్యాను, శారదమ్మ. శారదమ్మకు జీతం ఊడ్చినందుకు. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం ఆమె ఊడుస్తూ ఊడుస్తూ నేర్చుకున్న పని. గోడ మీద ఎర్ర అక్షరాలతో ‘నిశ్శబ్దం’ అని రాసి ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి రిటైరైనప్పటి నుంచి నేను రోజూ అక్కడే కూర్చుంటాను. నేను మాట్లాడేది తక్కువ. దీన్ని ఇంట్లో రోగం అంటారు. పెళ్ళిళ్ళలో పొగరు అంటారు. క్రమశిక్షణ అని పిలిచే చోటు నాకు తెలిసి భూమ్మీద ఆ గది ఒక్కటే. అది పోతే నేను కూర్చోవడానికి ఇంకో చోటు లేదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. పొద్దున పేపరు రాగానే శారదమ్మ దాన్ని షీట్లుగా విడదీసి తలా ఒకటి ఇస్తుంది. క్రికెట్టు ఒకరికి, ప్లాట్ల ప్రకటనలు ఒకరికి, శ్రద్ధాంజలి ఒకరికి. ఎవరికీ మొత్తం పేపరు దొరకదు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. కుట్లు ఊడిన పుస్తకాలకు కూడా ఇదే న్యాయం. నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి పురికొస కట్టి, ఒక్కొక్కరికి ఒక్కో భాగం ఇస్తుంది. (మొదలు తెలిసినవాడూ చివర తెలిసినవాడూ బయట చాయ్ బండి దగ్గర కలిసి కథ పూర్తి చేసుకుంటారు.)

జనవరిలో నేను అందుకున్న నవల అలాంటిదే. అట్ట లేదు కాబట్టి పేరు తెలియదు. ఒక లారీ డ్రైవరు ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. ఆయన భార్య రోడ్డు పక్కన చాయ్ హోటలు పెడుతుంది. కథ అంతే. కానీ ఆమె పొయ్యి ముట్టించే పద్ధతి చదువుతుంటేనే నాకు ఎండాకాలం గడిచిపోయింది.

ఆ ఎండాకాలానికి ముందే ‘పఠన దర్శిని’ వచ్చింది. ఇది ఒక యాప్. సంఘం కార్యదర్శి పృథ్వీ అనే కంప్యూటర్ పిల్లవాడు సెలవుల్లో తయారు చేశాడు. పుస్తకం వెనక అతికించిన గీతల చీటీని ఫోనుకు చూపించి, మూడు బొత్తాల్లో ఒకటి నొక్కాలి. ‘చదవలేదు’ అంటే ఎరుపు చుక్క. ‘చదువుతున్నాను’ అంటే పసుపు. ‘చదివాను’ అంటే ఆకుపచ్చ. మధ్య బొత్తం చూడటానికి బాగుంటుందని పెట్టాడట, ఎవరైనా నొక్కుతారని కాదు. ఫోను సరిగా లేని నాలాంటి వాళ్ళ తరఫున నొక్కే అధికారం శారదమ్మకు ఇచ్చారు.

ఇంతవరకు నష్టం లేదు. తరువాత సంఘం ఒక ప్రోత్సాహక నియమం తెచ్చింది: ఏ ఇంటికి ఎక్కువ ఆకుపచ్చ చుక్కలుంటే, ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు ముందు ఆ ఇంటికి పోతుంది.

మా కాలనీలో మార్చి నాటికి బోర్లు ఎండుతాయి. సాహిత్యం పొంగింది.

ప్లాట్ల వ్యాపారం చేసే విజయభాస్కర్ గారు పుస్తకాల వెనక చీటీలన్నీ ఫొటోలు తీసుకుని, నాగోల్ నుంచి మెట్రోలో ఆఫీసుకు చేరేలోగా ఒక బీరువా చదివేశారు. కంటి ఆపరేషన్ అయి పట్టీ కట్టుకున్న వాళ్ళ అత్తగారు అదే వారంలో రెండో బీరువా ముగించింది. ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపులోకి వచ్చాక జనం ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడ్డంత సేపు కూడా చదివారు. చదివినవాళ్ళు అభిప్రాయం రాయాలని ఇంకో నియమం. రాసే శ్రమ లేకుండా పృథ్వీ ముందే ఒక అభిప్రాయం నింపి పెట్టాడు: ‘ముగింపు అద్భుతం.’ మా నిఘంటువు గురించి కూడా కాలనీ మొత్తానిదీ ఇదే అభిప్రాయం.

నవంబరులో సర్వసభ్య సమావేశం జరిగింది. అన్ని పుస్తకాలనూ అందరూ చదివేసినందున పఠన మందిరం తన ధ్యేయం సాధించిందని, ధ్యేయం సాధించిన గదిని ఖాళీగా ఉంచడం ప్రజాధనం దుర్వినియోగమని, కనుక దాన్ని కర్రీ పాయింటుకు అద్దెకివ్వాలని తీర్మానించారు. చప్పట్లు కొట్టారు. అప్పుడు పృథ్వీ ఫోను చూసి, జర ఆగుండ్రి అన్నాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇంకా చదువుతూ ఉంటే యాప్ గదిని మూయనివ్వదట. అంత పచ్చదనంలో ఒక పసుపు చుక్క వెలుగుతోంది.

మరునాడే అచ్యుతరావు గారు మా ఇంటికి వచ్చారు. నా భార్య రూతు కుర్చీ తుడిచి వేసింది.

“ఏం అబ్బయ్యా, మంచిగున్నవా?”

తల ఊపాను.

“గా పుస్తకం ఇంకెంత ఉన్నది?”

చేత్తో చూపించాను.

“జనవరిల పట్టుకున్నవట గదనయ్యా! మా మనవడు నీ లెక్కన చదివితే పదో తరగతి అయ్యేసరికి వానికి పెన్షన్ వస్తది.”

“గాయనకు చెప్పుండ్రి సార్,” అంది రూతు. “అన్నం ముందట వెట్టినా గట్లనే, ఒక్కొక్క మెతుకు జూసి తింటడు. లగ్గమైనప్పటి సంది ఇదే కథ.”

“సూడు అబ్బయ్యా, నువ్వు చదివినవ్ అనుకో. శారదమ్మకు ఒక్క మాట జెప్పు, బటన్ నొక్కుతది. నీకేం పోతది? కర్రీ పాయింటు వస్తే రోజుకొక కూర ఫ్రీ ఇప్పిస్త. రూతమ్మకు వంట తప్పుతది.”

రూతు నా వైపు చూసింది. ఆ చూపులో కూర కనబడింది.

“ఇంకా కాలేదు సార్,” అన్నాను.

“పోనీ చివర్ల ఏమైతదో నేనే చెప్త, విను. అయిపోతది.”

“చెప్పుండ్రి.”

అచ్యుతరావు గారు గొంతు సవరించుకున్నారు. “చివర్ల... మంచిగైతది. అందరు కలుస్తరు.”

“ఎవరు సార్?”

“వాళ్ళే. హీరో గిట్ల.” చాయ్ సగంలో వదిలి లేచారు. ఆయన పేరు పక్కన ఆ పుస్తకానికి ఆకుపచ్చ చుక్క ఉంది. అభిప్రాయం కూడా ఉంది.

డిసెంబరు మొదట్లో మూడో భాగం చివరి పేజీకి వచ్చాను. వానలో రోడ్డు మీద ఒక లారీ ఆగింది. ఆమె గిన్నె దించి చూసింది. డోరు తెరుచుకుంది. దిగినవాడు... అక్కడ పేజీ అయిపోయింది. మూడో భాగం బల్ల మీద పెట్టి శారదమ్మకు నాలుగు వేళ్ళు చూపించాను.

ఆమె రెండు బీరువాల్లోని పుస్తకాలన్నీ దించింది. బీరువాల కింద చూసింది. వెనక చూసింది. నన్ను వరండాలోకి తీసుకుపోయి (లోపల మాట్లాడకూడదు) చెప్పింది. “అన్నా, నాలుగోది లేదే. ఈ పుస్తకం నేను పనికి రాకముందే ముక్కలు జేసి కట్టిన్రు, నాలుగోది నేను చూడనే లేదు. ఎవరన్న అడిగితే గదా తెలిసేది!”

కబురు సంఘానికి చేరింది. నాలుగో భాగం ఎవరి దగ్గర ఉందో చెప్పాలని గ్రూపులో నోటీసు పెట్టారు. చదివి విజయభాస్కర్ గారికి ఇచ్చాను అన్నారు కొందరు. చదివి అచ్యుతరావు గారికి ఇచ్చాను అన్నారు విజయభాస్కర్ గారు. చదివానని మాత్రం ఎవరూ వెనక్కు తీసుకోలేదు. తీసుకుంటే వచ్చే ఎండాకాలం ట్యాంకరు వెనక్కు పోతుంది.

భాగం దొరకదు, నేను ముగించలేను, గది మూయలేరు. ఈ పరిస్థితిలో సంఘం ‘ముగింపు నిర్ధారణ ఉపసంఘం’ ఏర్పాటు చేసింది. లారీలోంచి దిగినవాడెవరో మెజారిటీతో నిర్ణయించి, రెండు పేజీలు రాయించి, పురికొస కట్టి నాకు ఇవ్వాలి. నేను చదవాలి. మొదటి సమావేశం పఠన మందిరంలోనే పెట్టారు. నేను నా కుర్చీలో కూర్చుని మళ్ళీ మొదటి భాగం తీశాను.

“భర్తే దిగుతడు,” అన్నారు అచ్యుతరావు గారు. “కుటుంబం ముఖ్యం.”

“సార్, భర్త రెండో భాగంల సచ్చిపోయిండు గదా,” అన్నారు విజయభాస్కర్ గారు.

“ఎవరు జెప్పిన్రు?”

“మీరు చదవలేదా?”

“నేను చదివిన. నువ్వు చదివినవా?”

గది నిండా నిశ్శబ్దం. ఆ గదిలో నాకు దొరికిన ఆఖరి నిశ్శబ్దం అదే.

“ఎవ్వలు దిగొద్దు,” అంది శారదమ్మ చీపురు పట్టుకుని. “హోటల్ మంచిగ నడుస్తున్నది. దిగి అరువు చాయ్ తాగుతడు, అంతే.”

భర్త చచ్చాడో బతికాడో తేలాలంటే చదవడం తప్ప దారి లేదని పృథ్వీ సాంకేతికంగా నిరూపించాడు. (నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు.) మొదటి భాగం అచ్యుతరావు గారు నా చేతిలోంచి తీసుకున్నారు. రెండోది విజయభాస్కర్ గారు, మూడోది పృథ్వీ. మరునాడు వాళ్ళ ఇళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. కంటి పట్టీ విప్పిన అత్తగారు వచ్చి, డ్రైవరు ఇల్లు విడిచి పోవడంలో తప్పెవరిదో పెద్ద గొంతుతో తీర్పు చెప్పింది. ఎదురింటివాళ్ళు అప్పీలుకు వచ్చారు. ట్యాంకరు సంగతి మరిచిపోయారేమో, యాప్‌లో ఆ పుస్తకం ఎదుట ఒక్కొక్క చుక్కా ఆకుపచ్చ నుంచి పసుపులోకి మారింది. కర్రీ పాయింటు అతను కొన్నాళ్ళు చూసి మేడిపల్లిలో షట్టరు తీసుకున్నాడు. గది నిలిచింది.

నేను రోజూ పోయి ఒక మూల నిలబడ్డాను. ఖాళీ కుర్చీలు లేవు. చదవడానికి నా చేతిలో పేజీ లేదు. చెవిలో మాత్రం పది నోళ్ళు ఉన్నాయి. లారీకి ముందు అద్దం పగిలిందా వెనక అద్దం పగిలిందా అన్నదాని మీద వారం నడిచింది. ఒకనాడు అచ్యుతరావు గారు బల్ల మీద చరిచి, ఆడమనిషి ఒంటరిగా హోటలు ఎట్లా నడుపుతుందని గట్టిగా అడిగారు. ఆయన కంటే గట్టిగా పదిమంది జవాబు చెప్పారు. నేను నోరు తెరిచి, “జర సప్పుడు జేయకుండ్రి,” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. విజయభాస్కర్ గారు గోడ మీది ఎర్ర అక్షరాలు చూపించారు.

పఠన మందిరంలో మాట్లాడినందుకు నా సభ్యత్వాన్ని ఆరు నెలలు నిలిపివేస్తూ సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఉపసంఘం వారివి మాటలు కావని, చర్చలని అందులో స్పష్టం చేశారు. ఉత్తర్వు రూతు చేతికి ఇస్తూ పృథ్వీ, “అంకుల్‌ది ఇదే ఫస్ట్ కంప్లయింట్ ఆంటీ, లేకుంటే ఏడాది వేసేటోళ్ళు,” అని ఓదార్చాడట.

పుస్తకాల మీద కాలనీకి ఆసక్తి కలిగించిన పాఠకుడిగా నా ఫొటో ఒకటి పెద్దది చేయించి, మొన్న పఠన మందిరం గోడకు తగిలించారు. చాలా బాగా వచ్చిందని శారదమ్మ చెప్పింది. చూడాలంటే సభ్యత్వం ఉండాలట.