ఎర్ర దీపం ఆరకూడదు

మీలో వేళ్ళు చురుగ్గా ఆడేవాళ్ళెవరైనా ఉంటే కాస్త ముందుకొచ్చి కూర్చోండి. ఎందుకో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే లేచి వెళ్ళిపోతారు.

నా సంగతి మీకు తెలిసిందే. కరెంటాఫీసులో ఉద్యోగం, యూనియన్‌కి సెక్రటరీని. బళ్ళో నేర్చుకున్నది తక్కువ, గేటు ముందు గొంతు చించుకుని నేర్చుకున్నదే ఎక్కువ. పెద్ద ఆఫీసరు బల్లని గుద్ది గుద్ది పగుళ్ళు తెప్పించినవాణ్ణి. ఇంట్లో మాత్రం బల్ల మీద చెయ్యి ఆనించాలన్నా, ఇప్పుడే తుడిచారేమో చూసుకుని ఆనిస్తాను.

గొడవంతా మా వెనక గదిలోని డబ్బా టీవీ గురించి. ముందు నుంచి చూస్తే టీవీ, వెనక నుంచి చూస్తే గంగాళం. దాన్ని కదపాలంటే ఇద్దరు మనుషులు, ఒక నడుం నొప్పి కావాలి. దానికి తగిలించి ఒక పాత టీవీ గేమ్ పెట్టె. క్యాసెట్ తీసి, ఊది, మళ్ళీ పెడితే గానీ పలకదు.

నేను ఆడేది ఒక్కటే ఆట. గునపం పట్టుకున్న పొట్టి గని కూలీ ఒకడు గోతులు దూకుతూ, మీద పడే రాళ్ళు తప్పించుకుంటూ మెట్టు తర్వాత మెట్టు కోట ఎక్కుతాడు. ఆఖరి మెట్టులో సింహాసనం మీద లావుపాటి రాజు. వాణ్ణి కిందికి లాగాలి. ఆ రాజు అచ్చం మా పెద్ద ఆఫీసరే. ఆయనకి మేం పెట్టుకున్న పేరు చూద్దాం సార్. ఏం అడిగినా 'చూద్దాం' అంటాడు. ఇంతవరకు దేన్నీ చూసిన పాపాన పోలేదు. బయట లాగలేకపోయినవాణ్ణి లోపలైనా లాగుదామని నా తాపత్రయం.

కొత్త పల్చటి టీవీలో ఆడుకోవచ్చుగా అంటారు. కుదరదు. అందులో నేను బొత్తాం నొక్కిన తర్వాత పొట్టివాడు కాస్త ఆలోచించుకుని ఎగురుతాడు. ఆఫీసులో ఫైలు కదిలినట్టు. డబ్బా టీవీలో నొక్కడమూ ఎగరడమూ ఒక్కటే.

మా ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. మిషను వరండాలో ఉంటుంది. వాన వస్తే కుడుతున్న గుడ్డ మీద జల్లు, ఎండ వస్తే కుడుతున్న మనిషి మీద ఎండ. వెనక గది ఖాళీ చేసి ఇమ్మని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. నేను 'చూద్దాం' అంటూ వచ్చాను. అవును, నేనే అన్నాను. నవ్వకండి.

ఒక ఆదివారం ఆవిడ ఆఖరి నోటీసు ఇచ్చింది.

"వచ్చే ఆదివారం పాత సామాన్లతను వస్తాడు. ఈలోగా ఆ రాజుగారిని ఒక్కసారి, నా కళ్ళ ముందు దించండి. దించితే టీవీ ఉంటుంది, నేను వరండాలోనే పడుంటాను. లేదంటే టీవీ బండెక్కుతుంది."

"ఇదేం పద్ధతి? ముందు చర్చలు జరగాలి."

"పెళ్ళయినప్పటి నుంచీ ఆడుతున్నారు. చర్చలు చాలు."

ఆ సాయంత్రం ఆవిడ దారం ఉండలకోసం బజారుకెళ్ళింది. నేను కసిగా కూర్చున్నాను. ఏ గాలి వీచిందో ఏమో, ఏ రాయీ తగల్లేదు. జన్మలో మొదటిసారి ఆఖరి మెట్టు గుమ్మం ముందు నిలబడ్డాను. ఎదురుగా సింహాసనం. పొట్టివాడికి మిగిలింది ఒకే ఒక్క ప్రాణం. ఇప్పుడు గెలిచినా చూసే దిక్కు లేదు. ఓడితే మళ్ళీ ఈ గుమ్మం కనబడదు.

ఆట ఆపే బొత్తాం నొక్కాను. గునపం ఎత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు.

అప్పుడు వచ్చింది నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన. ఈ పెట్టెకి జ్ఞాపకం లేదు. కరెంటు తీస్తే మళ్ళీ మొదటి మెట్టే. కానీ తియ్యకపోతే? ఆవిడ వచ్చాక ఈ రాత్రే ఆడదామంటే ధైర్యం చాలలేదు, గడువు ఆదివారం దాకా ఉంది. టీవీ మాత్రం ఆర్పేసి, పెట్టెని అలాగే వెలగనిచ్చి, వచ్చే ఆదివారం ఆవిడకంటే ముందు లేచి కూర్చుని, తెల్లారిందగ్గర్నుంచి ఆడుతున్నట్టు ముఖం పెట్టుకుంటే సరి. పెట్టె మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. దాని మీద నా తువ్వాలు కప్పాను. వారం పాటు ఆ దీపం ఆరకుండా చూసుకోవాలి. అంతే కదా అనుకున్నాను.

అంతే కాదు. సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వెనక గదిలో ఇస్త్రీ బట్టల దొంతర కనబడింది. నా గుండె చెప్పుల్లోకి జారింది. ఆవిడ ఎప్పుడూ ఇస్త్రీ చేసేది ఆ గదిలో ప్లగ్గు దగ్గరే. తువ్వాలు ఎత్తి చూశాను. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఇస్త్రీ ఎక్కడ చేశావని ఏమీ ఎరగనట్టు అడిగితే, హాల్లో అంది. ఊపిరి పీల్చుకుని, ఇకమీదట ఇస్త్రీ నేనే చేస్తానని ప్రకటించాను. ఆవిడ సూది పంటి కింద పెట్టుకుని నన్ను అలా చూసి, సరే అంది.

ఇస్త్రీతో పోతుందా? చీపురు వైరుకి తగలొచ్చు కనుక గది ఊడవడమూ నాదే అయింది. మర్నాడు కిటికీ ఊచలు కూడా తుడవమంది. మీరెలాగూ ఆ గదిలోనే ఉంటున్నారుగా అంది. పెట్టెకి కరెంటిచ్చే అడాప్టరు కాలిపోతోంది. పొద్దునా సాయంత్రం దాని మీద చెయ్యేసి, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుని, అట్టముక్కతో విసిరేవాణ్ణి.

మంగళవారం ఉండబట్టలేక టీవీ పెట్టి చూశాను. పొట్టివాడు గుమ్మం ముందే ఉన్నాడు. మూలన ప్రాణాల లెక్క ఐదు. కళ్ళు నులుముకున్నాను. ఐదే. పాత మిషను, వేడెక్కి లెక్క తప్పిందనుకున్నాను. మేనేజ్‌మెంటు ఇవ్వని బోనస్ మిషను ఇచ్చిందనుకుని దానికి దణ్ణం పెట్టాను. అడక్కుండా బోనస్ ఎవడూ ఇవ్వడని ఇరవై ఏళ్ళుగా ఉపన్యాసాలిచ్చిన వెధవని, ఆ ఒక్కటీ ఆలోచించలేదు.

బుధవారం మా అత్తగారు దిగారు. ఎప్పుడొచ్చినా ఆవిడకి వెనక గదే. ఆవిడకి చీకట్లో తడుముకుని స్విచ్చులన్నీ నొక్కే అలవాటు. నా మంచం ఆవిడకిచ్చి నేను హాల్లో నేల మీద పడుకున్నాను. అల్లుడుగారికి ఒంట్లో బాగానే ఉందా అమ్మా అని ఆవిడ కూతుర్ని గుసగుసగా అడగడం నాకు వినబడింది. ఉందో లేదో ఆదివారం తెలుస్తుందని మా ఆవిడ జవాబు.

ఇంట్లో యుద్ధం ఇలా నెగ్గుకొస్తుంటే ఆఫీసులో అసలు పిడుగు పడింది. పడింది కాదు, నేనే తెచ్చి పెట్టుకున్నాను. మా లైన్‌మన్ కుర్రాడికి ఈమధ్య స్తంభం మీద అరచెయ్యి కాలింది. రబ్బరు గ్లౌజులకి చిల్లులు. కొత్తవి కావాలని అడిగితే చూద్దాం సార్ యథాప్రకారం చూద్దామన్నాడు. శనివారం సాయంత్రం ఏడింటికి ఊరంతా అరగంట చీకటి చేద్దాం, చీకట్లో ఊరేగింపు తీద్దాం, ఆసుపత్రి లైను ఒక్కటి వదిలేద్దాం అని గేటెక్కి గర్జించింది ఎవరనుకున్నారు? నేనే. ఆట ఆపక ముందు.

గురువారం మీటింగులో దాని మీద చేతులెత్తాలి. నేను లేచి, ఉద్యమంలో ఓర్పు కూడా ఒక ఆయుధమే అన్నాను. మా ప్రెసిడెంటుని మైకు బాబాయి అంటాం. మైకు అవసరం లేని గొంతు. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, ఇంకోసారి చెప్పమన్నాడు. వచ్చే సోమవారానికి వాయిదా వేద్దామన్నాను. చెయ్యికి కట్టుతో ఆ కుర్రాడు ముందు వరసలోనే ఉన్నాడు. తల దించుకుని కట్టు సవరించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ మాట ఎవరు మోశారో, శుక్రవారం చూద్దాం సార్ నన్ను పిలిచి కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. నీలాంటి పెద్దమనుషులు ఉండబట్టే ఆఫీసు నడుస్తోందన్నాడు. ఆయన గదికి అద్దాల గోడ. ఆఫీసంతా నిలబడి నేను టీ తాగడం చూసింది. బయటికొచ్చాక మైకు బాబాయి నెమ్మదిగా అడిగాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

"టీ ఎలా ఉందిరా?"

"చక్కెర ఎక్కువైంది బాబాయ్."

"అవుద్ది."

గురువారం మీటింగులో నేనొక్కణ్ణీ తప్ప అందరూ చేతులెత్తారు. చీకటి ఖాయం. ఇరవై ఏళ్ళు అరిచి సంపాదించుకున్న పేరు ఒక పక్క, పొట్టివాడు ఒక పక్క. మనిషన్నవాడు పేరు వైపు వెళ్ళాలి. నేను వెళ్ళలేదు. మా వీధికి వేరే లైనుంది, అక్కడ ఒక ఆసుపత్రి ఉంది, దాన్ని కూడా వదిలేద్దామని బాబాయిని అడిగాను. రోగుల పేరెత్తితే ఆయన కాదనలేడు. అబద్ధం కాదండీ, ఆసుపత్రే. కాకపోతే కుక్కలకీ పిల్లులకీ. దానికి కాపలా నేనుంటానని చెప్పి శనివారం సాయంత్రం ఇల్లు చేరాను.

ఏడయింది. ఊరు ఊరంతా గుప్పున ఆరిపోయింది. మా వీధి ఒక్కటే పెళ్ళింటిలా వెలుగుతోంది. నేను వెనక గదిలో టీవీ పెట్టి పొట్టివాణ్ణి చూసుకుని కళ్ళు మూసుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

ఒక్క సంగతి మరిచిపోయాను. చీకట్లో ఊరేగింపు వెలుతురు వైపే నడుస్తుంది. దూరంగా నినాదాలు మొదలై, దగ్గరై, మా గుమ్మం ముందు ఆగాయి. మైకు బాబాయి ముందు ఆసుపత్రికి వెళ్ళాడట. అక్కడ తోకకి కట్టు కట్టించుకున్న పిల్లి ఒకటి ఉందట. అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి, హాల్లోంచి వెనక గదికి. ఆయన వెనక యూనియన్ యూనియనంతా. మా అత్తగారు వాళ్ళకి దారి చూపించి, అల్లుడుగారు లోపలే ఉన్నారు నాయనా అన్నారు.

తెర మీద గునపం ఎత్తిన పొట్టివాడు. దాని ముందు తువ్వాలు పట్టుకుని నేను. డబ్బా టీవీ సన్నగా గుయ్యిమంటోంది.

"దీనికా?" అన్నాడు బాబాయి.

ఏదో చెప్పబోయాను. ఓర్పు అనే మాటే నోటికొచ్చింది, మింగేశాను. చెయ్యి కాలిన కుర్రాడు తలుపు దగ్గర నిలబడి టీవీని కాదు, నన్ను చూస్తున్నాడు. నేల చీలితే బాగుండుననిపించింది. నేనే తుడిచిన నేల, చీలలేదు.

అప్పుడు మా ఆవిడ మెడలో కొలత టేపుతో లోపలికొచ్చింది.

"ఆయన్నేమీ అనకండి బాబాయిగారూ. ఆ ఆట ఆయనది కాదు."

నాకు అర్థం కాలేదు. ఎవరికీ కాలేదు.

"ఏమండీ, మీరు ఆపినప్పుడు ప్రాణాలెన్ని?"

"ఒకటి."

"ఇప్పుడు?"

"ఐదు."

"మిగతా నాలుగూ ఎక్కడివనుకున్నారు?"

మిషను దయ అన్నాను. యూనియన్ చరిత్రలో నా ఉపన్యాసానికి ఎప్పుడూ అంత నవ్వు రాలేదు.

జరిగింది ఆవిడ చెప్పింది. సోమవారం పొద్దున ఇస్త్రీకి ప్లగ్గు లాగింది. తువ్వాలు కింద దీపం ఆరిపోవడం చూసి, నేనేం దాచానో అప్పుడు తెలుసుకుంది. పాపం వెర్రిబాగులాయన అనుకుంది. కుట్టు పక్కన పెట్టి, మొదటి మెట్టు నుంచి ఆడి, మధ్యాహ్నానికి అదే గుమ్మం ముందు తెచ్చి నిలబెట్టింది. సాయంత్రం చెప్పేద్దామనుకుంది. ఇస్త్రీ నేనే చేస్తానని నేను ప్రకటించాక, ఇంకొన్నాళ్ళు ఆగుదామనుకుందట.

నీకు ఆడటం ఎప్పుడొచ్చిందని అడిగాను.

"ఇన్నేళ్ళుగా మీ వెనక నిలబడి చూస్తున్నా. ప్రతిసారీ అదే గోతిలో పడతారు. మీరు ఎక్కడెక్కడ పడతారో గుర్తుపెట్టుకుని, అక్కడ పడకుండా ఆడాను. అంతే."

తర్వాత ఆవిడ కుర్రాడి చెయ్యి చూసింది. ఇంకా ఎంతసేపుందని బాబాయిని అడిగింది. నాలుగు నిమిషాలన్నాడు. ఆవిడ నడవాలోకి వెళ్ళి మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"ఆఖరి మెట్టే. గుమ్మంలో ఉన్నాం," అన్నాను. అందరి ముందూ అన్నాను.

"దున్నేవాడిదే భూమి అని మీరేగా అరుస్తారు. ఆడినదాన్ని నేను. ఆర్పేదాన్నీ నేనే."

స్విచ్చి దించింది. బొమ్మంతా ముడుచుకుని తెర మధ్యలో తెల్లటి చుక్కయింది. ఆ చుక్క కాసేపు నన్ను చూసి అదీ పోయింది. చీకట్లో ఆవిడ గొంతు వినబడింది.

"మళ్ళీ ఆడితే వస్తుంది. నాకు."

పక్కింటివాళ్ళు కిటికీలోంచి అంతా విన్నట్టున్నారు. వాళ్ళ స్విచ్చి పడింది. ఆ పక్కది పడింది. వీధి చివర పిల్లి డాక్టరు దాకా ఒక్కొక్క ఇల్లే ఆరిపోయింది. మా వాళ్ళు నినాదం అందుకున్నారు. నా పేరుతో కాదు.

సోమవారం గ్లౌజులొచ్చాయి. చూద్దాం సార్ మొదటిసారి చూశాడు. చీకట్లో అధికారులకి చూపు బాగా ఆనుతుందని అప్పుడే తెలిసింది. నన్ను సెక్రటరీగా ఉండనిచ్చారు. కాకపోతే మీటింగులో నేనేం చెప్పినా, వదినగారిని అడిగావా అని మైకు బాబాయి గోడలదిరేలా అడుగుతాడు.

పాత సామాన్లతణ్ణి మా ఆవిడే వెనక్కి పంపేసింది. టీవీ తనదట, ఎవరికీ అమ్మనంది. మిషను వెనక గదిలోకొచ్చింది. రెండు గౌన్ల మధ్య ఖాళీ దొరికితే ఆడుతుంది, ఆపుతుంది, మళ్ళీ కుడుతుంది. ఎర్ర దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాని మీద తువ్వాలు నాదే. ఇస్త్రీ నాదే, ఊడవడమూ నాదే. ప్లగ్గు జాగ్రత్త అని చెప్పి మరీ బయటికెళుతుంది.

ఇవాళ కూడా చెప్పే వెళ్ళింది, బొత్తాలు కొనడానికి. పొట్టివాణ్ణి రాజుగారి ఎదురుగా నిలబెట్టి, వచ్చాక నా కళ్ళ ముందు దించుతానని మాటిచ్చి వెళ్ళింది.

నా చీపురు వైరుకి తగిలింది.

మొదటి నుంచి ఆడుతున్నాను. అదే గోతిలో పడుతున్నాను. ఆవిడ బజారు మలుపు తిరిగి ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, మీలో వేళ్ళు చురుగ్గా ఆడేవాళ్ళెవరు?