ఇంటికో థీసిస్ ఉండాలి

ఇంట్లో ఒక థీసిస్ ఉంటే ఆ ఇల్లు కళకళలాడుతుంది. మీరు నమ్మరని నాకు తెలుసు. థీసిస్ అంటే నిద్ర చెడడం, జుట్టు రాలడం, ఇంటిల్లిపాదీ గుసగుసగా మాట్లాడుకోవడం అనుకుంటారు. అదంతా రాస్తున్న థీసిస్ సంగతి. నేను చెబుతున్నది ఇంకా మొదలుపెట్టని థీసిస్ గురించి. దాని మహిమే వేరు.

కావాలంటే మా పై వాటాలో ఉండే పండు అనే అమ్మాయిని చూడండి. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేస్తోంది, ఆఖరి ఏడాది. అన్నావదినల దగ్గర ఉండి చదువుకుంటోంది. అన్న లిఫ్టులు రిపేరు చేస్తాడు. వదిన వీధి చివర మందుల షాపు నడుపుతుంది. పండు ఇంతవరకూ ఏ పరీక్షలోనూ తడబడింది లేదు. ప్రశ్న కనిపిస్తే చాలు, జవాబు పరుగెత్తుకుంటూ వచ్చేది.

ఇక థీసిస్ మొదలుపెట్టమని డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పిన రోజే పండు కంప్యూటర్ ముందు కూర్చుంది. కూర్చోగానే కీబోర్డులో దుమ్ము కనిపించింది. దుమ్ము పట్టిన కీబోర్డుతో పరిశోధన ఎలా చేస్తారు, మీరే చెప్పండి? దులిపింది. ఆ దుమ్ము బల్ల మీద పడింది. బల్ల తుడిచింది. బల్ల వెనక వైర్లు జడలు కట్టి ఉన్నాయి. విడదీసి, దేనికి దానికి పేరు రాసి అంటించింది. అక్కడితో ఆగుతుందా? ఆ ఊపు గది దాటి, హాలు దాటి వంటింట్లోకి పాకింది. నాలుగు రోజుల్లో ఎప్పుడో తప్పిపోయిన డబ్బా మూతలన్నీ వాటి వాటి డబ్బాల మీదికి చేరాయి. ఏళ్ల తరబడి కిర్రుమంటున్న బాత్రూం తలుపు నోరు మూసుకుంది.

"థీసిస్ ఇంత మంచిదని ముందే తెలిస్తే మీ అన్నచేత కూడా ఒకటి రాయించేదాన్ని" అంది వదిన.

అలాగని పండు థీసిస్‌ను పట్టించుకోలేదనుకునేరు, కళ్లు పోతాయి. ప్లానింగ్ అంటే ప్లానింగే. వారానికో రంగు చొప్పున గోడంత చార్టు గీసింది. చదవాల్సిన పేపర్లన్నీ డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్లలో సర్దింది. ఆ ఫోల్డర్లను సర్దడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో తేల్చుకోవడానికి ఇంకొన్ని పేపర్లు చదివింది. ఆలూ లేదు చూలూ లేదు గానీ బిడ్డకు పేరు మాత్రం ముందే పెట్టింది: 'సమస్త ఆరోగ్య వ్యవస్థకు కృత్రిమ మేధతో సమగ్ర పరిష్కారం'. సమస్తం, సమగ్రం. ఇక మిగిలిందేముంది, రాయడం తప్ప?

నిజం చెప్పాలంటే పండు రోజూ రాయడానికి కూర్చునేది. ఖాళీ ఫైలు తెరిస్తే చాలు, తెర మీద ఆ చిన్న గీత మిణుకుమిణుకుమంటూ "ఊఁ, చెప్పు" అని అడుగుతున్నట్టుండేది. వెంటనే ఏదో ఒక సొరుగు సర్దలేదని గుర్తొచ్చేది.

చార్టు చుట్టి చంకలో పెట్టుకుని గైడు మేడమ్ దగ్గరకు వెళ్లింది. మేడమ్ దాన్ని బల్ల మీద పరిచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఓపిగ్గా చూసింది.

"చాలా బాగా గీశావమ్మా. ఇందులో నీ ప్రశ్న ఏది?"

"ప్రశ్నా మేడమ్?"

"అవును. దేనికి జవాబు వెతుకుతున్నావు?"

"ప్రశ్న మీరిస్తారనుకున్నాను మేడమ్."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "సోమవారం ఒక్క పేజీ తీసుకురా. అందులో ఒక్క ప్రశ్న ఉంటే చాలు. లేదంటే నీ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది. నా దగ్గర చేరాలని చాలామంది తిరుగుతున్నారు."

పండు ఇంటికొచ్చి, ఒక్క పేజీ గురించి తీవ్రంగా ఆలోచించి, వదిన షాపు కంప్యూటర్ శుభ్రం చేయడానికి బయల్దేరింది. ఇంట్లో తుడవడానికి ఇక ఏమీ మిగల్లేదు మరి.

ఆ సాయంత్రం షాపులో జనం బాగానే ఉన్నారు. వదిన ఒక చేత్తో మందులు తీస్తూ, ఇంకో చేత్తో బిల్లు కొడుతోంది. పక్కన స్టూలు మీద కూర్చుని పండు మౌసు తీగ తుడుస్తోంది. ఓ పెద్దాయన మోకాళ్ల నొప్పులకు మాత్రలు రాసిన చీటీ ఇచ్చాడు. వదిన బిల్లు కొడుతుంటే తెర టింగుమంది, ఎర్రగా ఏదో వచ్చింది. వదిన చీటీ మీద నుంచి చూపు తిప్పకుండానే 'సరే' నొక్కింది. పెద్దాయన మందులు పుచ్చుకుని వెళ్లిపోయాడు.

మెరిసి మాయమైన ఆ అక్షరాల్లో ఒక్క మాట పండు కంట పడింది.

"వదినా, అది రక్తస్రావం అంది."

"ఏది?"

"ఇందాక నువ్వు సరే అన్నది."

వదిన తెర మీద పాత బిల్లులు వెనక్కి తిప్పి చూసింది. పెద్దాయన ప్రతి నెలా అక్కడే రక్తం పలచబడే మాత్రలు కొంటాడు. వాటితో ఈ నొప్పి మాత్రలు కలవకూడదు. చీటీ రాసిన డాక్టరుకు ఆ సంగతి తెలియదు. కంప్యూటర్‌కు తెలుసు. చెప్పింది కూడా.

వదిన షాపు వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వెనకే పండు. పెద్దాయన బస్‌స్టాపులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మాత్ర అరచేతిలో ఉంది.

"వేసుకోకండి" అంది వదిన రొప్పుతూ.

"ఇంకా లేదమ్మా. నీళ్లకోసం చూస్తున్నా."

డాక్టరుకు ఫోన్ చేశారు. ఆయన మందు మార్చి రాశాడు. పెద్దాయన పదే పదే దండం పెట్టి బస్సెక్కాడు. ఆ దండం చూసి వదిన ఏడుపు ఆపుకోలేకపోయింది.

షాపు కట్టేశాక పండు మెల్లగా అడిగింది. "వదినా, అది ఎర్రగా వచ్చింది కదా, ఎందుకు చూడలేదు?"

"ఏది ఎర్రగా రాదు? బిల్లు కొట్టనా అని ఎర్రగా అడుగుతుంది. ప్రింటర్‌లో కాగితం ఉందా అని ఎర్రగా అడుగుతుంది. డబ్బా నిండుకుందని ఎర్రగా చెబుతుంది. పొద్దున్నుంచి అదే టింగు. కాగితం గురించీ అదే గొంతు, ప్రాణం గురించీ అదే గొంతు. చివరికి మన చెయ్యే జవాబు చెప్పేస్తుంది, కళ్లదాకా రానే రాదు."

ఇంటికి నడుస్తూ పండు ఆలోచనలో పడింది. ఎన్ని హెచ్చరికల తర్వాత మనిషి చదవడం మానేస్తాడు? ఏది ఎలా చెబితే చెయ్యి ఆగుతుంది? పుట్టి బుద్ధెరిగాక జవాబు రాని ప్రశ్న ఆ పిల్లకు తగలడం అదే మొదటిసారి.

అదే తన థీసిస్ ప్రశ్న అని భోజనాల దగ్గర బయటపెట్టింది. వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నా తప్పును నీ పుస్తకంలో అచ్చేయిస్తావా?"

"నీ తప్పని కాదు వదినా..."

"ఇంకెవరిది? నొక్కింది నేనేగా."

పండు ఇక రెట్టించలేదు. ఒక్క పేజీ పోతే పోయింది, వదిన మనసు కష్టపెట్టడం దేనికనుకుంది. మర్నాడు షాపుకు వెళ్తూ వదిన గుమ్మం దగ్గర ఆగింది.

"రాసుకో. కానీ మా వదిన చూడలేదని రాయకు. చూడనివ్వలేదని రాయి."

ఆదివారం అంతా పండు కుర్చీలోంచి లేవలేదు. దీన్నే అంటారు పాఠకులారా, కళకళలాడే సంసారం పాడైపోవడమని.

సోమవారం గైడు మేడమ్ ఆ పేజీ చదివింది. అలవాటు చొప్పున పండు ఒకచోట 'సమగ్ర' అని రాసేసింది. మేడమ్ పెన్సిల్‌తో దాన్ని కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"హెచ్చరికలు తగ్గిస్తే మీ వదిన చదువుతుందంటావా?"

"తెలీదు మేడమ్."

అనేశాక గానీ తనేమందో పండుకు తెలియలేదు. బడిలో చేరిన నాటినుంచీ ఆ మాట నోట రాకుండా బతుకుతూ వచ్చింది.

"పోనీ, రంగు మారిస్తే?"

"అదీ తెలీదు."

"నాకూ తెలీదు" అంది మేడమ్, పేజీ కింద సంతకం పెడుతూ. "మొదలుపెట్టు."

చూశారా ఈ విడ్డూరం? తెలీదన్న పిల్లను బెంచీ ఎక్కిస్తాం, మార్కులు కోస్తాం, నలుగురిలో నవ్వుతాం. ఆ మాట పలకడమే మరిచిపోయేలా శ్రద్ధగా పెంచుతాం. పెంచి పెద్దచేశాక, వెళ్లి పరిశోధన చెయ్యమంటాం. చెయ్యకపోతే బద్ధకం అంటాం.

వరండాలో క్లాస్ టాపర్ ఎదురయ్యాడు. చేతిలో లావుపాటి ఫైలు ఉంది.

"ఏమైంది?"

"తెలీదన్నాను. సంతకం పెట్టారు."

టాపర్ ముఖం వాడిపోయింది.

"అదృష్టం నీది. నేను వెళ్లిన ప్రతిసారీ మేడమ్ అడిగినవన్నీ చెబుతున్నాను. మళ్లీ రమ్మంటున్నారు."