గ్రాన్ ప్రే గుమ్మం మీది కన్ను

మనిషి తాను భోంచేసే రెస్టారెంటుకు తానే యజమాని కావడం నాగరికత చేరుకోగల అత్యున్నత దశ. ఈ మాట నాది కాదు. ‘పియేర్ ఎ ఫుర్షెత్’ అనే పారిస్ కంపెనీ మా ఊళ్లో పంచిన రంగుల పుస్తకంలో, మొదటి పేజీలో, నీలాకాశం బొమ్మ కింద ఉంది. (కంపెనీ పేరుకు రాయీ, ఫోర్కూ అని అర్థం. రాయి అంటే మా డబ్బుతో వాళ్లు కొనే కట్టడాలు. ఫోర్కు ఎవరి చేతిలో ఉంటుందో పుస్తకంలో రాయలేదు.) మా మోన్‌రివ్ ఆ దశకు చేరుకుని చాలా కాలమే అయింది.

ఊరి చివర, రెండు రౌండబౌట్ల నడుమ, ఒకప్పుడు ఆవులు మేసిన పచ్చికలో గ్రాన్ ప్రే షాపింగ్ సెంటర్ ఉంది. అందులో ఒక సూపర్ మార్కెట్, ఒక చెప్పుల దుకాణం, మందుల దుకాణం, ‘త్వరలో ప్రారంభం’ అని కాగితం అంటించిన షట్టర్లు కొన్ని (ఆ కాగితాన్ని వెలిసిపోయినప్పుడల్లా మారుస్తారు, అంత శ్రద్ధ), చివరన ఓడెట్ పుజోల్ రెస్టారెంట్ ఉన్నాయి. కంపెనీ ఈ సెంటర్‌ను కొనబోతోందని తెలిసిన రోజుల్లో బ్యాంకు సలహాదారు మా అందరినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకుని, మీ పొదుపు ఖాతాలో డబ్బు గురకపెట్టి నిద్రపోతోంది, దాన్ని లేపి రాయిలో పెట్టండి అని చెప్పాడు. ఊళ్లో సగం మంది లేపారు. నేనూ లేపాను.

వాటా కొన్న మర్నాటి నుంచి జనం నడకే మారిపోయింది. సూపర్ మార్కెట్‌లో ఉల్లిపాయలు ఏరుకునేవాళ్లు మధ్యలో ఆగి పైకప్పు వైపు చూసి, తృప్తిగా తలాడించి, మళ్లీ ఏరుకునేవారు. అందరికంటే ఎక్కువగా మారింది ఆర్మాన్ వేసియేర్. ఆయన రిటైరైన పశువుల డాక్టరు. భార్య పోయాక పొద్దు గడవక ఇబ్బంది పడుతున్న మనిషి. వాటాదారుల సంఘానికి ఆయన్ని అధ్యక్షుణ్ని చేశాం. ఆ రోజు నుంచి సెంటర్లోని స్తంభాలను అరచేత్తో తడుతూ, ఆవు పక్కటెముకలు పరీక్షించినట్టు చెవి ఒగ్గి వినేవాడు. స్తంభాలు ఆరోగ్యంగానే ఉన్నాయని సంఘానికి నివేదించేవాడు.

మధ్యాహ్నం మాత్రం ఓడెట్ దగ్గరే భోజనం. ఓడెట్ యాభై దాటిన మనిషి, మాట కరుకు, చెయ్యి పెద్దది. అలిగో చెయ్యడంలో ఆమెను మించినవాళ్లు మా కొండల్లో లేరు. ఉడికించిన బంగాళదుంపలో పచ్చి జున్ను వేసి, చెక్క తెడ్డుతో కలిపి కలిపి, తలకంటే ఎత్తుకు సాగదీసి పళ్లెంలో దించుతుంది. పక్కన ఒక సాసేజ్. డాక్టరు గారు ఏమీ మాట్లాడకుండా తిని, పళ్లెం రొట్టెముక్కతో శుభ్రంగా తుడిచి, మర్నాడు మళ్లీ వచ్చేవాడు. రోజు మొత్తమ్మీద ఆయనకు ఎవరైనా ‘ఇంకాస్త వడ్డించనా’ అనేది అక్కడే.

ఇలా ఉండగా ఒక వసంతంలో పారిస్ నుంచి మదామ్ క్లోతిల్ద్ రివ్వార్ దిగింది. ఆమె హోదా ప్రాంతీయ జనసంచార విభాగ అధిపతి. వాటాదారులను సమావేశపరిచి, గ్రాన్ ప్రే రెండు గుమ్మాల పైనా ఒక్కో యంత్రపు కన్ను ఉందనీ, కింద నుంచి వెళ్లేవాళ్లను అది లెక్కపెడుతుందనీ, సెంటర్ విలువ రాళ్లలో కాక ఆ కంట్లో ఉందనీ వివరించింది. కన్ను ఈమధ్య విసుగ్గా ఉందట. ఇలాగే కొనసాగితే గ్రాన్ ప్రేను ‘సజీవ ఆస్తి’ వర్గం నుంచి తీసి ‘నిరీక్షణలో ఉన్న ఆస్తి’ వర్గంలో వెయ్యాల్సి వస్తుందంది. ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త తగ్గించింది. ఆస్పత్రి వరండాలో వాడే గొంతు అది. మాలో ఒకరిద్దరు టోపీలు తీశారు.

డాక్టరు గారు లేచి, కొనడానికి వచ్చినవాళ్లకూ ఊరికే వచ్చినవాళ్లకూ ఆ కన్ను తేడా కనిపెడుతుందా అని అడిగాడు.

“అది తలల్ని లెక్కపెడుతుంది మొస్యూ, ఉద్దేశాల్ని కాదు,” అంది రివ్వార్.

ఆయన మొహంలో వెలుగు అప్పుడు చూశాను. పాతికేళ్ల కిందట, అందరూ ఆశ వదులుకున్న మా మేనమామ ఆవు లేచి నిలబడినప్పుడు కూడా ఆయన మొహం అలాగే ఉంది.

ఆ వారంలోనే జనసంచార ఉపసంఘం ఏర్పడింది. పొద్దున్నే సభ్యులందరూ తూర్పు గుమ్మంలో ప్రవేశించి, చెప్పుల దుకాణం మీదుగా పడమటి గుమ్మంలో బయటపడి, గోడ వెంబడి చుట్టు తిరిగి మళ్లీ తూర్పు గుమ్మానికి రావాలి. నిబంధనలు కూడా తయారయ్యాయి. కంటి కింద నిలబడి కబుర్లు చెప్పకూడదు, దానివల్ల సందిగ్ధంలో ఉన్న ఒకే వ్యక్తిగా నమోదవుతారు. గొడుగు వేసుకుని రాకూడదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచే దంపతులు గుమ్మం దగ్గర విడిపోయి, దాటాక కలుసుకోవాలి. (ఒక జంట దాటాక కూడా కలుసుకోలేదు. ఉపసంఘం దానికి బాధ్యత వహించదు.) డాక్టరు గారి దగ్గర దూడంత ఎత్తున్న తెల్ల కుక్క ఉంది. దాన్ని మనిషిగా పరిగణించవచ్చా అని పారిస్‌ను అడిగితే, పరిమాణాన్ని బట్టి అని జవాబొచ్చింది.

నిజం చెప్పాలంటే అంత సంతోషంగా మా ఊరు ఎప్పుడూ లేదు. ఏళ్ల తరబడి పలకరించుకోనివాళ్లు చెప్పుల దుకాణం ముందు పలకరించుకున్నారు. మోకాళ్లు సర్దుకున్నాయి. రక్తపోటు మాత్రలు వాడేవాళ్లు తగ్గిపోయారు (మందుల దుకాణం కూడా గ్రాన్ ప్రేలోనే ఉంది కాబట్టి ఈ విషయంలో సంఘం విచారం వ్యక్తం చేసింది). అంత నడిచాక ఆకలి వెయ్యకుండా ఉంటుందా? మధ్యాహ్నానికి ఓడెట్ దగ్గర కుర్చీ దొరికేది కాదు. ఆమె తెడ్డు దింపే తీరిక లేక, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం కూడా కళ్లతోనే చేసేది. డాక్టరు గారి పక్కన ఇప్పుడు ఎప్పుడూ ఎవరో ఒకరుండేవారు. ఆయన తినేటప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాడు.

కన్ను కూడా సంతోషించింది. అందుకే రివ్వార్ మళ్లీ వచ్చింది.

ఓడెట్ రెస్టారెంట్ అసాధారణమైన ఆకర్షణ చూపుతోందనీ, అద్దె ఒప్పందంలో ఎవరూ అంతవరకు చదవని ఒక పేరా ప్రకారం ఆకర్షణ చూపిన దుకాణానికి అద్దె పెరుగుతుందనీ చెప్పింది. ఆకర్షణ చూపని చెప్పుల దుకాణం అద్దె తగ్గించడం గురించి ఏ పేరా లేదు.

ఓడెట్ చేతులు తుడుచుకుని విన్నది. “వీళ్లు నా వంట కోసం రాలేదు మదామ్. మీ కన్ను కోసం వచ్చారు. అద్దె దాన్నే అడగండి,” అంది.

కన్ను అద్దెదారు కాదనీ, సిబ్బంది కిందికి వస్తుందనీ రివ్వార్ సౌమ్యంగా సమాధానమిచ్చి, అలిగో రెండోసారి వడ్డించుకుని తిని వెళ్లింది.

అద్దె పెరిగింది కాబట్టి భోజనం ధర పెరిగింది. భోజనం ధర పెరిగింది కాబట్టి యజమానులమైన మేము మా రెస్టారెంటులో ఒక్క పళ్లెం ఇద్దరం పంచుకోవడం మొదలుపెట్టాం. జనం తగ్గలేదు, ఆకలి తగ్గలేదు, పళ్లేలు తగ్గాయి. అద్దె ఎక్కడి నుంచి తెస్తుంది ఓడెట్? ఒకరోజు డాక్టరు గారు బిల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, వాటాదారుగా తనకు చాలా ఆనందంగా ఉందనీ, తినే మనిషిగా మాత్రం కష్టంగా ఉందనీ అన్నాడు.

“అయితే ఆ వాటాదారుణ్ని ఇంట్లో వదిలేసి రండి డాక్టరు గారూ,” అంది ఓడెట్ బల్ల తుడుస్తూ. “ఇక్కడ చోటు లేదు. తినేవాడికైతే కుర్చీ ఎప్పుడూ ఉంది.”

ఆయన నవ్వాడు గానీ ఆ మాట ఆయన్ని పట్టుకుంది. ఆ వేసవిలో స్తంభాలు తట్టడం మానేశాడు.

శరత్కాలం మొదట్లో ఓడెట్ ఖాళీ చేస్తోందని తెలిసింది. కొండ మీది పల్లెలకు రొట్టెలు చేరవేసే పాత వ్యాన్ ఒకటి బేరానికి వస్తే కొని, పక్కన కిటికీ కోయించింది. దాన్ని గ్రాన్ ప్రే ముందున్న పార్కింగ్ స్థలంలో నిలబెడుతుంది. ఆ స్థలం కంపెనీది కాదు. తారు గుంతలు పూడ్చే ఖర్చు తప్పించుకోవడానికి కంపెనీ దాన్ని ఏనాడో ఊరికి దానం చేసింది. (దానపత్రం ఇచ్చే సభలో మేమందరం చప్పట్లు కొట్టాం.) మేయరు అనుమతి ఇచ్చేశాడు. మొదటి పళ్లెం తనకే అని ఒక్కటే షరతు పెట్టాడు.

రివ్వార్ పారిస్ నుంచి డాక్టరు గారికి ఫోన్ చేసింది. రెస్టారెంట్ పోతే జనం పోతారు, జనం పోతే విలువ పోతుంది, అధ్యక్షుడిగా ఆమెను ఆపే నైతిక బాధ్యత మీదే అంది. ఆయన రాత్రంతా ఉపన్యాసం తయారుచేసుకుని, మంచి కోటు వేసుకుని వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను, సాక్షిగా.

రెస్టారెంటులో కుర్చీలు బల్లల మీదికి ఎక్కించి ఉన్నాయి. ఓడెట్ అలిగో వండే రాగి గుండిగను ఒక్కతే నేల మీద ఈడుస్తోంది. డాక్టరు గారు గొంతు సవరించుకున్నాడు. మోన్‌రివ్ వాటాదారుల తరఫున అని మొదలుపెట్టాడు. ఆమె నడుం నిటారు చేసి ఆయన వంక చూసింది. కోపంగా కాదు. ఇన్నేళ్లుగా ‘ఇంకాస్త వడ్డించనా’ అనే ముందు చూసినట్టే చూసింది.

“మొత్తం చెప్తారా, లేక ఆ రెండో చెవి పట్టుకుంటారా?” అని అడిగింది.

గుండిగకు రెండు చెవులున్నాయి. ఆయన చేతిలోని ఉపన్యాసం కాగితం వంకా, గుండిగ వంకా చూశాడు. తర్వాత కోటు విప్పి నాకిచ్చాడు. ఒంగి రెండో చెవి పట్టుకున్నాడు. ఆయన చేతుల్లో అంత జాగ్రత్త నేను ఆవుల ఈతల దగ్గర తప్ప చూడలేదు. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ చెప్పుల దుకాణం దాటి, గుమ్మం దాటి, ఎండలోకి వెళ్లారు. కన్ను ఇద్దర్నీ నమోదు చేసుకునే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం నుంచి మోన్‌రివ్ భోజనం పార్కింగ్‌లోనే. ధర పాతదే, సాసేజ్ పాత పొడవే. చలి మొదలయ్యాక ఎవరో టార్పాలిన్ తెచ్చారు, ఎవరో బెంచీలు తెచ్చారు, డాక్టరు గారు పళ్లేలు అందించడం మొదలుపెట్టి, అది తన పనేనని అందరికీ అనిపించేలా చేసుకున్నాడు. ఓడెట్ ఆయన్ని ‘ఆర్మాన్’ అని పిలవడం కూడా అప్పుడే విన్నాం. ఎవరమూ పట్టించుకోనట్టు తిన్నాం. సెంటర్లోకి మాత్రం ఎవరూ వెళ్లడం లేదు. గుమ్మాలు గాలికి వాటంతటవే తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఉపసంఘం నడకను పార్కింగ్ చుట్టూ మార్చుకుంది.

అందుకే వార్షిక సమావేశం రోజున ఊరి సభామందిరంలో అందరం తలలు దించుకుని కూర్చున్నాం. సొంత ఆస్తిని మేమే ముంచామన్నది స్పష్టం. డాక్టరు గారు రాజీనామా జేబులో పెట్టుకుని వచ్చాడు. ముందువరసలో ఓడెట్ కూడా కూర్చుంది. (ఆమెకూ చిన్న వాటా ఉంది. బ్యాంకు సలహాదారు ఎవరినీ వదల్లేదు.)

ఈమధ్యే విలువల విభాగానికి మారిన రివ్వార్ నవ్వుతూ వేదికెక్కింది. గ్రాన్ ప్రే ‘నిరీక్షణలో ఉన్న ఆస్తి’ వర్గంలో చేరిందని ప్రకటించింది. మేము ఇంకా కిందికి వంగాం. దానివల్ల విలువ గణనీయంగా పెరిగిందని కూడా ప్రకటించింది.

డాక్టరు గారు లేచి, మదామ్, పొరపాటుగా విన్నానేమో అన్నాడు. పొరపాటు లేదంది ఆమె. ఓడెట్ ఉన్నంతకాలం ఆ గది అద్దె ఓడెట్ కట్టగలిగినంతే. మనిషి ఉన్నచోట పరిమితి ఉంటుంది. ఇప్పుడు గది ఖాళీ కాబట్టి, దానికి ఎంత అద్దె రావచ్చో పారిస్‌లో నిపుణుడు నిర్ణయిస్తాడు. ఆ నిపుణుడు ఆశావాది. అద్దె పెరిగితే విలువ పెరుగుతుంది, విలువ పెరిగితే వాటా పెరుగుతుంది.

“మరి ఆ అద్దె ఎవరు కడతారండీ?” అని ఓడెట్ కూర్చున్నచోటి నుంచే అడిగింది.

“అది వసూళ్ల విభాగం చూసుకుంటుంది మదామ్. మాది విలువల విభాగం.”

మందిరంలో ముందు ఒకరు, తర్వాత అందరం చప్పట్లు కొట్టాం. డాక్టరు గారి చేయి జేబులోనే ఉండిపోయింది. తర్వాత తీర్మానం వచ్చింది: ఖాళీ రెస్టారెంట్ అద్దెను వచ్చే ఏడాదికి మరోసారి పెంచాలి. నియమం ప్రకారం పెంపుకు ముందు ఆ గదిలో ఉన్న అద్దెదారు అభ్యంతరం వినాలి. అందుకని రివ్వార్ గ్రాన్ ప్రే దిక్కుకు తిరిగి, మర్యాదకు సరిపడా కొంతసేపు వేచి చూసింది. అటు నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు. దాన్ని అంగీకారంగా రాసుకున్నారు. ఇంత సహకరించే అద్దెదారు ఈ సెంటర్‌కు ఇంతవరకు దొరకలేదని సభ ఏకగ్రీవంగా అభినందించింది.