గడియారానికి ఒక ఓటు, బల్లకు ఒక ఓటు

గడియారాల మేస్త్రి శాసనసభ ఎన్నికలో నిలబడింది ప్రజల కోసం కాదు, భోజనాల బల్ల కోసం. ఈ సంగతి ప్రజలకు తెలియదు. బల్లకు తెలుసు.

ఆ బల్ల మీద పదకొండేళ్లుగా ఎవరూ భోజనం చేయలేదు. కొట్టులో చోటు చాలక మేస్త్రి ఒకరోజు నాలుగు చక్రాలు, రెండు స్ప్రింగులు తెచ్చి దాని మీద పెట్టాడు. వాటికి తోడుగా మరికొన్ని వచ్చాయి. ఇప్పుడు అక్కడ విప్పిన గడియారాలు పాతికదాకా ఉన్నాయి. మేస్త్రి, ఆయన భార్య కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటారు. ఒకసారి ఆవిడకు అన్నంలో బుల్లి మర ఒకటి వచ్చింది. ఏరి పక్కన పెట్టి, ఇదెవరిదో రసీదు చూసి చెప్పండి అంది, అంతే.

ఎన్నికల పిచ్చి ఎక్కించినవాడు అప్పటి శాసనసభ్యుడు. బాగుచేసిన చేతిగడియారం అందుకుంటూ, మీలాంటి నికార్సయిన మనుషులు రాజకీయాల్లోకి రావాలండీ అన్నాడు. ఆ పెద్దమనిషి ఆ మాట చెప్పులు కుట్టేవాడితోనూ అన్నాడు, పళ్ల డాక్టరుతోనూ అన్నాడు. వాళ్లు నవ్వి ఊరుకున్నారు. మేస్త్రి ఇంటికొచ్చి ప్రకటన చేశాడు.

"నిలబడతానే."

"ముందు ఆ బల్ల దగ్గర కూర్చోడానికి చోటు చూపించండి. నిలబడ్డం తర్వాత చూద్దాం" అంది భార్య.

మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. గెలవడం మీవల్ల కాదు, కనీసం ఆఖరున రాకుండా ఉంటే ఆ బల్ల మీకే రాసిచ్చేస్తాను, ఆఖరున వస్తే మాత్రం ఆ సాయంత్రమే ఖాళీ చేయాలి అందావిడ. మేస్త్రి మీసం లేని మూతి మీద చెయ్యి వేసుకుని సరేనన్నాడు.

తర్వాత లెక్క వేసుకుంటే గుండె జారింది. బరిలో ఉన్నది ముగ్గురే. ఒకడు శాసనసభ్యుడు, ఓటమి ఎరగడు. రెండోవాడు మూడుసార్లు ఓడినవాడు, అతని మీద ఊరందరికీ జాలి. మిగిలింది తను. ముగ్గురిలో మూడోస్థానం అంటే ఆఖరుదే. తన కింద ఇంకొకరు కావాలి.

దారి చూపించింది బావమరిది. పక్కనే జిరాక్స్ కొట్టు నడుపుతాడు, ఊళ్లో ప్రతి కాగితమూ అతని చేతి మీదుగానే పోతుంది కాబట్టి అన్నీ తెలుసంటాడు. పెద్ద నాయకులు తమ నామినేషన్‌తోపాటు పెళ్లాంచేత కూడా ఒకటి వేయిస్తారట. తమది చెల్లకపోతే ఆవిడ ఉంటుంది. చెల్లితే చివరిరోజు ఆవిడ తప్పుకుంటుంది.

"తప్పుకోకపోతే?" అని అడిగాడు మేస్త్రి.

"తప్పుకోకపోతే పోటీలో ఉంటుంది బావా. అయినా అక్కకు ఓటెవరేస్తారు?"

మేస్త్రికి ఆ రాత్రి బ్రహ్మాండమైన నిద్ర పట్టింది.

మర్నాడు కాగితం భార్య ముందు పెట్టాడు. ఊరికే లాంఛనం, చివరిరోజు మధ్యాహ్నం మూడింటిలోపు వెళ్లి వెనక్కి తీసుకుందాం అన్నాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. చదవకుండా పెట్టిందనుకున్నాడు మేస్త్రి. అనుకోవడం ఆయన హక్కు.

మేస్త్రికి పనిలో ఒక పద్ధతి ఉంది. ఖరీదైన గడియారం విప్పేముందు, అలాంటిదే పనికిరానిదొకటి విప్పి చెయ్యి అలవాటు చేసుకుంటాడు. ఎన్నికల ఆఫీసులోనూ అదే చేశాడు. తప్పులేమైనా ఉంటే దాంట్లో తేలతాయని ముందు భార్య కాగితం ఇచ్చాడు. గుమాస్తా రెండు తప్పులు పట్టుకుని దిద్దించి, ఒకటో నంబరు ముద్ర వేశాడు. ఆ తప్పులు తనదాంట్లో దిద్దుకుని రెండో నంబరు వేయించుకున్నాడు మేస్త్రి. తన తెలివికి తానే మురిసిపోయాడు. గుర్తుల గడిలో రెండింట్లోనూ ఒకటే రాశాడు: మొదట గడియారం, అది దొరక్కపోతే బల్ల. ఇంటి దగ్గర రాస్తున్నప్పుడు ఎదురుగా ఉన్న వస్తువులు అవే మరి.

చివరిరోజు వచ్చింది. మేస్త్రి చేతిగడియారం సొరుగులో దాచి, హాల్లో గోడ గడియారం ముల్లును నలభై నిమిషాలు వెనక్కి తిప్పాడు. ముప్పయ్యేళ్ల వృత్తిలో గడియారానికి ఆయన చేసిన మొదటి ద్రోహం అది. తిప్పాక మనసు చివుక్కుమని దాని అద్దం తుడిచాడు.

భార్య చీర మార్చుకుని వచ్చింది. గడియారం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఇంకా బోలెడు టైముందన్నాడాయన. అయితే టీ పెడతానంది. తాగారు. ఇంకో కప్పు పోయనా అని అడిగింది. ఇంత కలిసొచ్చే భార్య ఉండడం తన అదృష్టమనుకున్నాడు మేస్త్రి.

ఆఫీసు చేరేసరికి మూడుంబావు దాటింది. గడువు అయిపోయిందన్నాడు గుమాస్తా. మేస్త్రి నుదురు కొట్టుకుని విచారం నటించాడు. బాగానే నటించాడు కాబోలు, ఆవిడే ఓదార్చింది.

"పోనీలెండి. ఓ మూల నా పేరుంటే ఎవరికి అడ్డం?"

విచారం నటించనక్కర్లేని రోజు మర్నాడే వచ్చింది. గుర్తులు పంచుతూ అధికారి చెప్పాడు: గడియారం ఇద్దరు అడిగారు, కాగితం ముందు ఇచ్చినవారికే గుర్తు. ఒకటో నంబరుకు గడియారం. రెండో నంబరుకు బల్ల.

మేస్త్రి బల్ల బొమ్మ ముద్రించిన కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎక్కడికెళ్లినా మర్యాదే. కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు.

"మాకు చెప్పాలా మేస్త్రిగారూ? గడియారానికే వేస్తాం" అంది రిటైరైన పంతులమ్మ.

"గడియారం కాదమ్మా, బల్ల."

"మీకు హాస్యం ఎక్కువ" అని ఆవిడ నవ్వింది.

కొట్టు నెత్తిన ఎద్దుబండి చక్రమంత గడియారం బొమ్మ ఉంది. దానిమీద దుప్పటి కప్పుదామని నిచ్చెన తెచ్చాడు. కొట్టు మూసేశారనుకుంటారండీ అంది భార్య. నిచ్చెన తీసుకెళ్లిపోయాడు.

ఆయన వీధులు కొలుస్తుంటే కొట్టులో ఆవిడ కూర్చుంది. ప్రచారమంటూ గడప దాటలేదు. బాగుచేసి బీరువాలో పెట్టి మేస్త్రి మరిచిపోయిన గడియారాలు పదిహేడు బయటపడితే, చీటీలు చూసి ఒక్కొక్కరికీ కబురు పెట్టింది. పోయిందనుకున్న తండ్రిగారి గడియారం చేతికొస్తే మందుల షాపాయన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లింట్లో ఎన్ని ఓట్లున్నాయో ఆవిడ అడగలేదు. ఆయనే చెప్పి వెళ్లాడు, ఆరు.

లెక్కింపు రోజున శాసనసభ్యుడు ఎప్పట్లాగే గెలిచాడు. జాలి అభ్యర్థి ఎప్పట్లాగే రెండోవాడు. మూడో స్థానం గడియారానిది, పందొమ్మిది వందల పన్నెండు ఓట్లు. బల్లకు ముప్పయ్యేడు.

"అందులో నాది లేదు బావా, తర్వాత తెలిసి బాధపడతావని ముందే చెబుతున్నా" అన్నాడు బావమరిది.

మేస్త్రి ఇంటికొచ్చి చక్రాలు, స్ప్రింగులు, మరలు డబ్బాల్లోకి ఎత్తాడు. పదకొండేళ్ల తర్వాత బల్ల రంగేమిటో ఇద్దరూ చూశారు. ఆవిడ తడిగుడ్డతో తుడిచి రెండు కంచాలు పెట్టింది.

"ఒక్క మాట. ఆవేళ గడియారం సంగతి నీకు తెలుసా?"

"మనం రెండో కప్పు తాగుతుంటే బడి వదిలారు. మూడింటికి వదులుతారు. మన గోడ మీద రెండూ ఇరవై."

"మరి చెప్పలేదేం?"

"మీరంత కష్టపడి ముల్లు తిప్పారు, వృథా చేయడమెందుకని. అయినా ముప్పయ్యేళ్ల కాపురంలో ఈ ఇంట్లో టైము గడియారం చూసి తెలుసుకున్నానా ఎప్పుడైనా?"

మేస్త్రి కంచం ముందుకు లాక్కున్నాడు. అప్పుడు కనబడింది, బల్లకు కిటికీ వైపు మూల ఒక పళ్లెం, అందులో ఆయన భూతద్దం, చిన్న పట్టకారు. పక్కనే దీపం. జానెడు చోటు.

"ఇదేమిటి?"

"ఓడినవాళ్లకు ఆమాత్రం ఉండాలి. జానెడే, గీత దాటితే మళ్లీ నామినేషన్ వేస్తాను." కూర వడ్డిస్తూ ఆవిడ మామూలుగా అంది, "ఆ ముప్పయ్యేడులో ఒకటి నాదండీ. బల్ల కావాలన్నది నేనే కదా, దానికే వేశాను. మీరెటూ మీకే వేసుకుని ఉంటారు. మిగతా ముప్పయ్యయిదుగురూ ఎవరో పాపం."

మేస్త్రి తలవంచుకుని గబగబా తినసాగాడు. ముప్పయ్యయిదు కాదు, ముప్పయ్యారు. ఓటింగు యంత్రం ముందు నిలబడగానే ముప్పయ్యేళ్ల అలవాటు కొద్దీ ఆయన వేలు తిన్నగా గడియారం మీదికే పోయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పేలానూ లేడు.