వెయ్యి మీటర్లకు దిగువన అన్న మాట

ఆ ఉదయం ఆరు గంటలకు వెండెలిన్ క్రాప్ఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదు రోజులు కొండల మీద నడవాలి, ఆ అయిదు రోజులూ నోరు మూసుకోవాలి, ఆరో రోజున సంతకం పెట్టించుకోవాలి. ఆస్ట్రియా దేశపు టిరోల్‌లోని ఆ లోయలో రోడ్లూ వాగులూ చూసుకునే జిల్లా కార్యాలయంలో అతడు పందొమ్మిదేళ్లుగా గుమాస్తా. అతడి సొంత ఊళ్లో రోడ్డు డిపో అధికారి పదవి ఖాళీ అయింది. ఫైలు అన్ని బల్లలూ దాటి ఒక్క సంతకం దగ్గర ఆగింది. ఆ సంతకం పెట్టవలసిన మనిషి హోఫ్‌రాట్ డాక్టర్ ఒట్టోకార్ స్వోబోడా. హోఫ్‌రాట్ అంటే చక్రవర్తి కొలువులో సలహాదారు. చక్రవర్తి పోయి వందేళ్లు దాటింది, కొలువూ పోయింది, బిరుదు మాత్రం కుర్చీని వదల్లేదు.

ఏటా జూలై మొదట్లో ఆఫీసు వాళ్లు ఎనిమిది మంది ప్రకృతి పార్కులో సత్రం నుంచి సత్రానికి నడుస్తారు. ఆ ఏడు వియన్నా నుంచి కొత్తగా వచ్చిన హోఫ్‌రాట్ కూడా బయలుదేరాడు. బయలుదేరినవాడు బయలుదేరినట్టు ఉండకుండా, మొదటి గంటలోనే మోకాలు నొప్పి అని తన సంచీని వెండెలిన్ భుజాన వేశాడు. అందులో మూడు జతల బూట్లు, ఒక దిండు, జామ్ సీసాలు ఉన్నాయి. ఇదెక్కడి న్యాయమని ఎవరూ అడగలేదు. ఫైలు సంగతి అందరికీ తెలుసు.

"అయిదు రోజులు గాడిదలా మొయ్యి, అరవకు. ఆదివారానికి నువ్వు అధికారివి," అంది నోట్‌బుర్గా. ఆవిడ నక్షల విభాగం పెద్ద, రిటైరవడానికి రెండేళ్లుంది, అందుకని ఎవరికీ భయపడదు. ఫైలు తడవకుండా తన సంచీలో పెట్టుకున్నదీ ఆవిడే.

మొదటి సత్రంలో రాత్రి భోజనాల దగ్గర హోఫ్‌రాట్ గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. "కొండ మర్యాద అందరికీ తెలిసిందే. వెయ్యి మీటర్లు దాటాక మీరూ లేదు, గారూ లేదు. పైన అందరం నువ్వే. నేను ఒట్టోకార్‌ని. నువ్వు వెండెలిన్‌వి. తాగు!" అని పైన్ కాయల సారా ఒక్క గుక్కలో దించాడు.

అది ఆ కొండల్లో అందరూ పాటించే ఆచారమే. కానీ పందొమ్మిదేళ్లు పై అధికారుల ముందు లేచి నిలబడ్డవాడికి నాలుక ఒక్క రాత్రిలో తిరుగుతుందా? మర్నాడు పొద్దున్నుంచీ వెండెలిన్ తిప్పలు పడ్డాడు. నువ్వూ అనలేక, మీరూ అనలేక, మనిషినే తీసేసి మాట్లాడాడు. "కాఫీ తాగడం జరుగుతుందా?" అన్నాడు. "ఇక్కడ కూర్చోవడం బాగుంటుందేమో," అన్నాడు. మధ్యాహ్నానికి ఒకసారి "నువ్వు గారూ" అని కూడా అనేశాడు.

హోఫ్‌రాట్‌కి కోపం వచ్చింది. "ఏమయ్యా, అందరూ ఒట్టోకార్ అంటున్నారు, నీకొక్కడికే నేను పరాయివాణ్ణా? వియన్నా వాడినని వెలివేస్తున్నావా? ఇది అవమానం కాదూ? అను, ఇప్పుడే అను!"

"నువ్వు... ఒట్టోకార్," అన్నాడు వెండెలిన్, చెమటలు కక్కుతూ.

"గట్టిగా!"

"నువ్వూ, ఒట్టోకార్!"

"ఆఁ, అట్లా ఉండాలి మగాడంటే," అని హోఫ్‌రాట్ అతడి వీపు చరిచి ముందుకు నడిచాడు. సంచీ మాత్రం తీసుకోలేదు.

మూడో రోజు దుర్దినం. తెల్లవారకముందే ముసురు పట్టింది. హోఫ్‌రాట్ గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే తన గడియారాన్ని సత్రం గోడ మీది అంకెతో సరిచేసుకుని, "దారి చూపే ఎర్ర తెల్ల గుర్తుల వెంట పోతే ఏడు గంటలు. నేను నాలుగు గంటల్లో చేరుస్తాను," అన్నాడు. నోట్‌బుర్గా నక్ష తీసి చూపించబోయింది. "నక్షలు గీసేవాళ్లు కొండలు ఎక్కరు," అన్నాడాయన. నలభై ఏళ్లుగా ప్రతి వేసవిలోనూ ఆ కొండలెక్కిన మనిషితో! ఆవిడ నక్ష మడిచి, సంచీ లోపలి అరలో పెట్టుకుంది.

ఆయన పట్టించిన అడ్డదారి దిగడం మొదలుపెట్టింది. దిగింది, దిగింది, దిగుతూనే ఉంది. వడగళ్లు కురిశాయి. వెయ్యి మీటర్లకు పైగా కష్టపడి ఎక్కిన ఎత్తంతా పోగొట్టుకుని, వాన వెలిసే వేళకు తొమ్మిది మందీ లోయ అడుగున ఒక కొయ్య వంతెన దగ్గర తేలారు. వంతెనకు అడ్డంగా గొలుసు, పక్కన ఒక బోర్డు ఉన్నాయి. హోఫ్‌రాట్ గొలుసు ఎత్తిపట్టుకుని "రండి, రండి" అని అందరినీ దాటించాడు. ఆ తరువాత వంతెన మధ్యలో నిలబడి చేతికర్రను కింద వాగులో పడేసుకున్నాడు.

"వెండెలిన్, ఆ కర్ర తీసుకురా."

వెండెలిన్ రెండు సంచీలతో వాగులోకి దిగాడు. గులకరాళ్ల ఒడ్డున మోకాలి లోతు మంచు నీళ్లలో వెతుకుతుంటే పైనుంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. "ఎడమకి. అది కాదు. నీకు కళ్లున్నాయా? ఈ దారి పట్టించింది ఎవరసలు? వెండెలిన్, నువ్వు ముందు నడిచి ఉంటే మనం ఇక్కడికి వచ్చేవాళ్లమా?"

అక్కడ పందొమ్మిదేళ్లు ఒక్కసారిగా తెగిపోయాయి.

"ఒరేయ్ ఒట్టోకార్! నోరు ముయ్యరా! దారి తప్పించింది నువ్వు, కర్ర పారేసింది నువ్వు, నీ దిండు మోస్తున్నది నేను! ఇంకొక్క మాటన్నావంటే నీ దిండుని వాగులో కలిపేస్తాను!"

హోఫ్‌రాట్ మెల్లగా చొక్కా చెయ్యి పైకి లాగి గడియారం చూశాడు. తరువాత, ఆఫీసులో మంగళవారం మీటింగుల్లో వాడే గొంతుతో అన్నాడు: "క్రాప్ఫ్ గారూ. మనం ప్రస్తుతం తొమ్మిది వందల ఎనభై అయిదు మీటర్ల దగ్గర ఉన్నాం. మీరు ఒక హోఫ్‌రాట్‌తో మాట్లాడుతున్నారు."

అన్యాయమంటే ఇదీ. రెండు రోజులపాటు గొంతు మీద కూర్చుని నువ్వు అనిపించినవాడు, పదిహేను మీటర్లు తక్కువయ్యేసరికి బిరుదు తొడుక్కున్నాడు. మళ్లీ పైకెక్కడానికి ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలూ వెండెలిన్ మనసులో డిపోకి ఒక్కొక్క కిటికీ చొప్పున వీడ్కోలు చెప్పుకున్నాడు.

సత్రానికి చేరేసరికి సంగతి వాళ్లకంటే ముందే చేరింది. ఆ కేకలు విని, దారిలో వాళ్లను దాటిపోయిన ఇద్దరు ఇటలీ వాళ్లు చెప్పేశారు. సత్రం నడిపే క్రెసెంజ్ రొట్టె ఉండల సూప్ గిన్నెలు బల్ల మీద పెట్టి, "ఏది, ఎవరు ఎవరిని ఎంత ఎత్తులో తిట్టారు?" అని అడిగింది.

"ఇది కార్యాలయ విషయం," అన్నాడు హోఫ్‌రాట్.

"ఇక్కడ కార్యాలయం లేదు ఒట్టోకార్, సూప్ ఉంది. తిను," అందావిడ.

నోట్‌బుర్గా ఊరుకోలేదు. "ఒట్టోకార్, నీ గడియారం ఇప్పుడెంత చూపిస్తోంది?"

"రెండు వేల మూడు వందల అరవై రెండు."

"గోడ మీద ఇనుప అంకెలు చూడు. రెండు వేల మూడు వందల ఎనభై తొమ్మిది. ముసురులో సరిచేసిన గడియారం వాన వెలిస్తే తక్కువ చూపిస్తుంది. ఇరవై ఏడు మీటర్ల తేడా. అంటే వంతెన దగ్గర వెయ్యిన్నీ పన్నెండు. వెండెలిన్ అన్నది కొండ మాట!"

బల్లలన్నీ చప్పట్లు కొట్టాయి. హోఫ్‌రాట్ ముఖం బీట్‌రూట్ అయింది. "వెయ్యిన్నీ పన్నెండు నా చేతి దగ్గర! అతడు వంతెన కింద వాగులో ఉన్నాడు. పదమూడు మీటర్లు కింద. తొమ్మిది వందల తొంభై తొమ్మిది! మాట పుట్టిన చోటు లెక్కా, విన్న చోటు లెక్కా?"

ఇక సత్రం రెండుగా చీలింది. మాట పెదవి దగ్గర పుడుతుంది కాబట్టి పెదవి ఎత్తు కొలవాలని ఒక మేకల డాక్టరు వాదించాడు. తిట్టు తగిలేది చెవికి కాబట్టి చెవే లెక్క అని ఇటలీ వాళ్లు అరిచారు. వెండెలిన్ పొడుగు ఎంతో, అతడు వంగి ఉన్నాడో నిలబడి ఉన్నాడో అడిగారు. ఎవరో కొలత టేపు తెచ్చారు. ఆ గోలలో అతడి ఉద్యోగం సంగతి అందరూ మరిచిపోయారు, అతడు తప్ప.

"చాలు!" అని హోఫ్‌రాట్ బల్ల గుద్దాడు. "ఇది వెయ్యికి దిగువన జరిగింది. కార్యాలయ విషయం. లిఖితపూర్వకంగా నివేదిక వెళ్తుంది. నోట్‌బుర్గా, రాయండి!"

నోట్‌బుర్గా కాగితం తీసింది. "తేదీ వేశాను. సమయం వేశాను. స్థలం? నివేదికకు స్థలం తప్పదు."

"కొయ్య వంతెన, వాగు గులకరాళ్ల ఒడ్డు."

"కొయ్య వంతెన, వాగు గులకరాళ్ల ఒడ్డు," అని ఆవిడ పైకి చదువుతూ రాసింది. "అక్కడ పిట్టలు గులకరాళ్లలో గుడ్లు పెట్టే ఒడ్డు కదూ? జూలై పదిహేను దాకా ఎవరూ అడుగు పెట్టరాదని బోర్డుంది. గొలుసు ఎవరు ఎత్తారని రాయమంటారు?"

క్రెసెంజ్ గిన్నెలు కింద పెట్టేసింది. ప్రకృతి పార్కు తరఫున ఆ దారుల మీద కన్నేసి ఉంచేది కూడా ఆవిడే. "తొమ్మిది మంది గొలుసు దాటారా? ఒకణ్ణి వాగులోకి కూడా దింపారా? ఎవడయ్యా ఆ బుద్ధిమంతుడు?"

"బోర్డు కింద సంతకం ఎవరిదో చెప్తా ఆగు," అంది నోట్‌బుర్గా. "ఈ ఏప్రిల్‌లో ఆ బోర్డు నేనే రాయించాను. హోఫ్‌రాట్ డాక్టర్ ఒట్టోకార్ స్వోబోడా."

హోఫ్‌రాట్ సూప్‌లో చెంచా రెండుసార్లు తిప్పాడు. తరువాత తల ఎత్తి, తేనె కారుతున్న గొంతుతో, "మాట విన్న చోటే లెక్క," అన్నాడు. "వెయ్యిన్నీ పన్నెండు. స్నేహితుల మధ్య మాట. దానికి నివేదిక ఏమిటి, నోట్‌బుర్గా? చించెయ్యి."

"కానే కాదు!" అని లేచాడు వెండెలిన్. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి కోపంతో వచ్చిన నీళ్లు. "తొమ్మిది వందల తొంభై తొమ్మిది! నేను కిందే అన్నాను! హోఫ్‌రాట్‌నే అన్నాను! పందొమ్మిదేళ్లకి ఒక్క మాటన్నాను, దాన్ని కూడా నాకు దక్కనివ్వరా? రాయండి, నివేదిక రాయండి!"

నోట్‌బుర్గా అతడి భుజం పట్టి కూర్చోబెట్టింది. నివేదిక పక్కన ఫైలు పెట్టింది, రెండిటి మధ్య కలం పెట్టింది. హోఫ్‌రాట్ కలం అందుకుని ఫైలు మీద, బిరుదుతో సహా, తన జీవితంలోకెల్లా వేగంగా సంతకం చేశాడు. క్రెసెంజ్ నివేదికను పొయ్యిలో వేసి, గొలుసు దాటినందుకు జరిమానాగా ఆయన చేత తొమ్మిది మంది గిన్నెలూ కడిగించింది. మిగిలిన రెండు రోజులూ ఆయన సంచీ ఆయనే మోశాడు.

ఆగస్టు ఒకటిన వెండెలిన్ డిపోలో చేరాడు. ఆ ఊరు పదకొండు వందల నలభై మీటర్ల ఎత్తున ఉంది. ఏడాదికి రెండుసార్లు హోఫ్‌రాట్ స్వయంగా తనిఖీ చెయ్యాలని నియమం. ఆయన నియమం తప్పడు కానీ, రిజిస్టర్లను కింద, వెయ్యి మీటర్లకు దిగువనున్న బస్‌స్టాప్ దగ్గరికి తెప్పించుకుని చూస్తాడు.